క్లిక్‌లు అందరికీ వచ్చు.. కమాండ్లు నేర్చుకోండి!

ఆదిలాబాద్‌లో డిగ్రీ అయిపోగానే చాలామంది చేసే మొదటి పని హైదరాబాద్ బస్సెక్కడం. 300 కిలోమీటర్లు పోయి, అమీర్‌పేటలో హాస్టల్ వెతుక్కుని, ఎవరో చెప్పిన కోర్సులో చేరిపోతారు. ఆర్నెల్లు తిరిగేసరికి రెండు మూడు సర్టిఫికెట్లు చేతికొస్తాయి. అయితే ఇంటర్వ్యూలో 'మా ఆఫీసులో ఒకరికి పొద్దున్నుంచి మెయిల్స్ రావట్లేదు. మీరైతే ఏం చేస్తారు?' అని అడిగారనుకోండి. 'ఐటీ టీమ్‌కు చెప్తాను సార్' అనేస్తే అక్కడితో అయిపోయినట్టే. ఎందుకంటే ఆ ఐటీ టీమ్‌లోకి మనిషి కావాలనే వాళ్లు మిమ్మల్ని పిలిచారు.

అందుకే సిస్టమ్ అడ్మిన్, సర్వర్ సపోర్ట్, క్లౌడ్ సపోర్ట్ ఉద్యోగాల కోసం చూస్తున్నవాళ్లకు ఒక సూచన. పది కోర్సుల పేర్లు రెజ్యూమెలో నింపేకన్నా, ఒక మెయిల్ సర్వర్‌ను సొంతంగా పెట్టుకుని అందులోని మెయిల్‌బాక్స్‌లను కమాండ్ లైన్ నుంచి నడపడం నేర్చుకోండి. ఇది పాత విద్యలా అనిపించవచ్చు. కానీ సర్వర్ పని మొత్తాన్ని ఒకేచోట నేర్పే విషయం ఇంతకన్నా మంచిది దొరకడం కష్టం.

అసలు ఈ పని ఏంటి?

మెయిల్ సర్వర్‌ను పోస్టాఫీసు అనుకోండి. అందులో ప్రధానంగా రెండు పనులు జరుగుతాయి. ఉత్తరాలను ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి చేర్చడం మొదటిది. వచ్చిన ఉత్తరాలను ఎవరి పెట్టెలో వాళ్లకు భద్రంగా ఉంచి, అడిగినప్పుడు చూపించడం రెండోది. లైనక్స్ సర్వర్లలో మొదటి పనికి ఎక్కువగా వాడే ప్రోగ్రాముల్లో పోస్ట్‌ఫిక్స్ ఒకటి. వీట్సా వెనెమా రాసిన ఈ ప్రోగ్రామ్ 1998లో బయటికొచ్చింది. రెండో పనికి డవ్‌కాట్ ఉంది. ఫిన్లాండ్‌కు చెందిన టిమో సిరైనెన్ 2002లో దీన్ని విడుదల చేశారు. రెండూ ఉచితమే. సోర్స్ కోడ్ కూడా అందరికీ అందుబాటులో ఉంది.

అడ్మిన్ రోజువారీ పనులు ఇలా ఉంటాయి. కొత్తగా చేరినవాళ్లకు మెయిల్‌బాక్స్ తెరవాలి. పాస్‌వర్డ్ మరిచిపోయినవాళ్లకు మార్చివ్వాలి. ఒక్కొక్కరికి ఇంత స్థలం అని కోటా పెట్టాలి. మానేసి వెళ్లినవాళ్ల పెట్టెను మూసి, వాళ్లకు వచ్చే మెయిల్‌ను ఇంకొకరికి మళ్లించాలి. పాత చెత్తను తీసేయాలి, బ్యాకప్ చూసుకోవాలి. ఇవన్నీ నల్లటి తెర మీద ఒక్కో లైను టైప్ చేసి చేయొచ్చు. సర్వర్ ఎక్కడో ముంబైలో ఉన్నా ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా లోపలికి వెళ్లొచ్చు. అటూ ఇటూ పోయేది అక్షరాలే కాబట్టి పెద్ద ఇంటర్నెట్ స్పీడ్ కూడా అక్కర్లేదు. ఉట్నూరులో ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుని కూడా ఈ పని చేయొచ్చు.

ఒక జిల్లా నాలుగైతే..

క్లిక్‌కు, కమాండ్‌కు తేడా ఏంటో మన జిల్లా సంగతితోనే చూద్దాం. 2016 అక్టోబర్ 11న రాష్ట్రంలో 10 జిల్లాలు 31 అయ్యాయి. ఉమ్మడి ఆదిలాబాద్.. ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమ్రం భీం ఆసిఫాబాద్‌గా విడిపోయింది. కొత్త జిల్లా అంటే కొత్త కలెక్టర్, కొత్త డీఈఓ, కొత్త వ్యవసాయాధికారి. ప్రతి కుర్చీకీ ఒక అధికారిక మెయిల్ అడ్రస్ కావాలి.

ఇలాంటి పని మీకే అప్పగించారని అనుకోండి. జిల్లాకు 30 శాఖలని లెక్కేసుకుంటే 21 కొత్త జిల్లాలకు 630 మెయిల్‌బాక్స్‌లు. వెబ్ పేజీ తెరిచి పేరు కొట్టి, పాస్‌వర్డ్ పెట్టి, కోటా ఎంచుకుని, సేవ్ నొక్కడానికి ఒక్కోదానికి 2 నిమిషాలు వేసుకున్నా మొత్తం 1,260 నిమిషాలు. అంటే అన్నం, నిద్ర లేకుండా 21 గంటలు. 400వ పెట్టె దగ్గరికి వచ్చేసరికి కళ్లు తిరుగుతాయి, స్పెల్లింగ్ తప్పుతుంది. కమాండ్ తెలిసినవాళ్లు ఏం చేస్తారు? పేర్లన్నీ ఒక ఫైల్‌లో పెట్టి, ఆ ఫైల్‌లోని ఒక్కో వరుసకు ఒక్కో పెట్టె తెరిచేలా నాలుగైదు లైన్ల స్క్రిప్ట్ రాస్తారు. ముందు ఒక్క పేరుతో నడిపి చూస్తారు. సరిగ్గా వచ్చాక మొత్తం నడిపిస్తారు. టీ తాగి వచ్చేలోపు పని అయిపోతుంది.

అయితే టైపింగ్ కన్నా ఆలోచన ముఖ్యం. అడ్రస్ అధికారి పేరు మీద ఉండాలా, కుర్చీ పేరు మీద ఉండాలా? కుర్చీ పేరు మీద ఉంటే బదిలీ అయినప్పుడు పాస్‌వర్డ్ మారిస్తే చాలు, పాత ఫైళ్లన్నీ అక్కడే ఉంటాయి. నిర్మల్ రైతు ఒకరు అలవాటుగా పాత ఆదిలాబాద్ అడ్రస్‌కే అర్జీ పంపితే అది ఎవరికి చేరాలి? ఇలాంటి ప్రశ్నలు వేసుకునేవాడే అడ్మిన్. మిగతావాళ్లు టైపిస్టులు. అర్జీ చేరకపోతే నష్టపోయేది సర్వర్ కాదు, ఆ రైతు.

ఇంటర్వ్యూ ప్రశ్నకు జవాబు

ఇప్పుడు మొదట్లో అడిగిన ప్రశ్నకు వద్దాం. మెయిల్ రావట్లేదంటే ఎక్కడ చూడాలి?

ముందు పంపినవాళ్లను అడగాలి.. మెయిల్ తిరిగొచ్చిందా? తిరిగొస్తే అందులో మూడంకెల కోడ్ ఉంటుంది. 4తో మొదలైతే తాత్కాలిక ఇబ్బంది, పంపిన సర్వర్ మళ్లీ ప్రయత్నిస్తుంది. 5తో మొదలైతే ఇక ప్రయత్నించదు. 550 అంటే సాధారణంగా అలాంటి పెట్టె లేదనో, తీసుకోబోమనో అర్థం. 552 అంటే పెట్టె నిండిందని. ఈ అంకెల పద్ధతి జోన్ పోస్టెల్ 1982లో రాసిన ఎస్‌ఎమ్‌టీపీ నిబంధనల్లోనే ఉంది. 40 ఏళ్లు దాటినా పనికొస్తున్న చదువు ఇది!

తిరిగి రాకపోతే మన సర్వర్ లాగ్ తెరవాలి. 'గ్రెప్' కమాండ్‌తో ఆ ఉద్యోగి అడ్రస్ వెతికితే ప్రతి మెయిల్‌కు ఏమైందో కనిపిస్తుంది. సెంట్ అని ఉంటే మెయిల్ పెట్టెలో పడినట్టే. అప్పుడు స్పామ్ ఫోల్డర్, ఫిల్టర్ రూల్స్ చూడాలి. డిఫర్డ్ అని ఉంటే వరుసలో ఆగింది. 'మెయిల్‌క్యూ' అని కొడితే ఆగినవన్నీ, ఆగిన కారణంతో సహా వస్తాయి. లాగ్‌లో అసలేమీ లేదంటే మెయిల్ మన గుమ్మం దాకా రాలేదని అర్థం. అప్పుడు 'డిగ్' కమాండ్‌తో మన డొమైన్ ఎంఎక్స్ రికార్డు సరిగా ఉందో లేదో చూడాలి. కోటా మీద అనుమానముంటే 'డవ్‌ఆడ్మ్ కోటా గెట్' అని అడగాలి.

ఈ నాలుగు మెట్లూ వరుసగా చెప్పగలిగిన అభ్యర్థిని ఏ కాలేజీ అని ఎవరూ పట్టించుకోరు. ఒక్క జవాబులో నెట్‌వర్క్, డీఎన్‌ఎస్, లాగ్‌లు, లైనక్స్ నాలుగూ తెలుసని రుజువైపోయింది కదా!

ఇప్పుడంతా జీమెయిలే కదా?

ఇది న్యాయమైన ప్రశ్నే. చాలా కంపెనీలు సొంత సర్వర్లు తీసేసి గూగుల్, మైక్రోసాఫ్ట్ సేవల్లోకి వెళ్లిపోయిన మాట నిజం. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల మెయిల్ కూడా, సుమారు 12 లక్షల ఖాతాలు, జోహో వేదిక మీదికి మారింది. 'మెయిల్ అడ్మిన్' అన్న ఒక్క పేరుతోనే ఉద్యోగాలు వెతికితే తక్కువే దొరుకుతాయి. దీన్ని దాచాల్సిన పనిలేదు.

కానీ పెట్టెలు ఎవరి సర్వర్‌లో ఉన్నా వాటిని చూసుకునే మనిషి కావాలి. కిటికీలు, మౌస్‌తో కోట్లు సంపాదించిన మైక్రోసాఫ్టే తన ఎక్స్ఛేంజ్ సర్వర్ నిర్వహణను 2007 వెర్షన్ నుంచి పవర్‌షెల్ కమాండ్ల మీద కట్టింది. అడ్మిన్ తెర మీద బటన్ నొక్కితే వెనకాల నడిచేది కమాండే. మైక్రోసాఫ్ట్ 365లో వెయ్యి ఖాతాలు మార్చాలన్నా అదే పవర్‌షెల్. గూగుల్ వర్క్‌స్పేస్‌కు గామ్ అనే ఉచిత కమాండ్ లైన్ సాధనం ఉంది. జింబ్రాకు 'జెడ్‌ఎమ్‌ప్రోవ్' ఉంది. పేర్లు మారతాయి, పని మారదు. ఒకదాంట్లో చేయి తిరిగితే రెండోది వారం రోజుల పని.

పైగా నిబంధనలు ఇప్పుడు ఇంకా బిగిశాయి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్‌కు రోజుకు 5,000కు మించి మెయిల్స్ పంపేవాళ్లు ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ పెట్టుకోవాల్సిందేనని గూగుల్ షరతు పెట్టింది. యాహూ కూడా అలాంటి నిబంధనలే తెచ్చింది. ఆస్పత్రి రిపోర్టులైనా, షాపింగ్ సైట్ బిల్లులైనా అవి లేకపోతే చేరడం కష్టం. ఈ మూడూ ఏంటో చెప్పగలిగినవాళ్ల అవసరం పెరిగిందే తప్ప తగ్గలేదు.

మరి ఏఐని అడిగితే కమాండ్ చెప్పేస్తుంది కదా? చెప్తుంది. కానీ ఎంటర్ కొట్టేది మీరు. తర్వాత జవాబు చెప్పుకోవాల్సిందీ మీరే.

ఎంటర్ కొట్టే ముందు..

కమాండ్ లైన్‌లో రీసైకిల్ బిన్ ఉండదు. 'పోస్ట్‌సూపర్'కు తప్పు ఆప్షన్ ఇస్తే వరుసలో ఆగి ఉన్న మెయిల్స్ మొత్తం ఒక్క దెబ్బకు పోతాయి. 'డవ్‌ఆడ్మ్ ఎక్స్‌పంజ్'తో ఒకరి ట్రాష్‌లో 30 రోజులు దాటినవి తీసేయొచ్చు. అదే లైన్లో ఒకరి పేరు చెప్పే చిన్న 'యూ' బదులు పెద్ద 'ఏ' పడితే సర్వర్‌లో ఉన్న అందరి ట్రాష్‌కూ అది వర్తిస్తుంది. అందుకే మంచి అడ్మిన్లకు ఒక అలవాటు ఉంటుంది. 'ఎక్స్‌పంజ్' ఉన్నచోట ముందు 'సెర్చ్' పెట్టి, అవే షరతులతో నడుపుతారు. ఏవి పోబోతున్నాయో కళ్లారా చూశాకే అసలు కమాండ్ కొడతారు.

ఇంకో మాట. రూట్ పాస్‌వర్డ్ చేతిలో ఉన్నవాడు చాలాచోట్ల ఎవరి మెయిలైనా తెరిచి చదవగలడు. జీతాల లెక్కలు, ఫిర్యాదులు, సొంత విషయాలు అన్నీ అందులో ఉంటాయి. అనుమతి లేకుండా తొంగిచూస్తే ఉద్యోగం పోవడమే కాదు, ఐటీ చట్టం-2000లోని 43, 66 సెక్షన్ల కింద కేసు కూడా కావచ్చు. మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. పోస్ట్‌మ్యాన్ ఉత్తరం చింపి చదవడు. అడ్మిన్ కూడా అంతే. ఈ నమ్మకం కోసమే కంపెనీ మీకు జీతమిస్తుంది.

ల్యాప్‌టాప్ ఉంటే చాలు

దీనికి ఫీజు కట్టాల్సిన పనిలేదు. 8 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ సరిపోతుంది. వర్చువల్‌బాక్స్ వేసి, అందులో ఉబుంటు సర్వర్ ఎక్కించండి. బయటికి మెయిల్స్ పంపాలని మొదట్లో ఆరాటపడొద్దు. ఇంటి కనెక్షన్లలో చాలావాటికి పోర్ట్ 25 మూసి ఉంటుంది. మీ సర్వర్‌లోనే ఇద్దరు యూజర్లను పెట్టి, ఒకరి నుంచి ఒకరికి పంపించుకోండి.

* మొదటి వారం: లైనక్స్ మామూలు కమాండ్లు, ఫైళ్లు, అనుమతులు, 'గ్రెప్'.
* రెండో వారం: పోస్ట్‌ఫిక్స్, డవ్‌కాట్ ఎక్కించి మెయిల్ అటూ ఇటూ నడిపించడం.
* మూడో వారం: ఒక ఫైల్ నుంచి 50 మెయిల్‌బాక్స్‌లు తెరిచే స్క్రిప్ట్, కోటాలు, మళ్లింపులు.
* నాలుగో వారం: కావాలనే చెడగొట్టడం. కోటా నింపండి, సర్వీస్ ఆపండి, తప్పు అడ్రస్‌కు పంపండి. లాగ్‌లో ఏం వచ్చిందో చదివి బాగు చేయండి.

చేసిందంతా ఒక నోట్‌బుక్‌లో తేదీతో రాసుకోండి. ఏం చెడింది, ఎట్లా కనిపెట్టారు, ఎట్లా సరిచేశారు అని. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కన్నా ఆ నోట్‌బుక్‌లోంచి చెప్పే పది నిమిషాలే మీకు పనికొస్తాయి.

తెలుగు మీడియంలో చదివాం, ఇంగ్లిష్ రాదని వెనకాడేవాళ్లకు ఇది మరీ మంచి దారి. కమాండ్‌కు మీ యాసతో పనిలేదు. 'మ్యాన్' పేజీల్లో వాడే ఇంగ్లిష్ మాటలు తిప్పితిప్పి అవే వస్తుంటాయి. నెల రోజులు చదివితే పట్టుబడతాయి.

కాలేజీలూ కదలాలి

మన దగ్గర చదువులు లేక కాదు. బాసరలో 2008 నుంచి ట్రిపుల్ ఐటీ ఉంది, డిగ్రీ కాలేజీల్లో కంప్యూటర్ గ్రూపులున్నాయి. కరీంనగర్‌లో 2020 జులైలో ఐటీ టవర్ మొదలైంది. ఆదిలాబాద్ పట్టణంలోనే బీడీఎన్‌టీ ల్యాబ్స్ లాంటి ఐటీ సంస్థ పనిచేస్తోంది. లేనిది పిల్లల చేతికి నిజమైన సర్వర్ ఇచ్చే ధైర్యం. ల్యాబ్‌లో ఒక కంప్యూటర్‌ను మెయిల్ సర్వర్ చేసి, ఫైనలియర్ వాళ్లకు నెలకొకరి చొప్పున అడ్మిన్ బాధ్యత అప్పగించొచ్చు. ల్యాబ్ వరకే నడిచే మెయిలైనా సరే, జూనియర్ల అసైన్‌మెంట్లు దాని ద్వారానే తీసుకుంటే సర్వర్ ఆగిన రోజు వచ్చే ఒత్తిడి కూడా నేర్పుతుంది. ఖర్చు దాదాపు సున్నా.

కాలేజీ కదిలేదాకా ఆగక్కర్లేదు. పరీక్షలు అయిపోయాక అమీర్‌పేట బస్సెక్కే ముందు ఒక్క నెల ఇంట్లోనే కూర్చుని ఈ పని చేసి చూడండి. నచ్చితే దారి దొరికినట్టే. నచ్చకపోతే పోయేది ఒక నెల మాత్రమే, అమ్మానాన్నలు అప్పు చేసి తెచ్చిన ఫీజు కాదు.