గుడి ముందా? చేను ముందా?

తుర్కియే దేశపు ఆగ్నేయభాగంలో, షాన్లిఉర్ఫా నగర సమీపాన గోబెక్లి తెపె అనే గుట్ట ఉన్నది. 1995లో జర్మన్ పురాతత్త్వవేత్త క్లౌస్ ష్మిత్ గారు అచ్చట త్రవ్వకాలు ప్రారంభించినారు. పదకొండువేల ఏండ్లకు పూర్వం వేటాడియు, అడవిగింజలు ఏరుకొనియు బ్రతికినవారు నిలిపిన శిలాస్తంభాలు బయల్పడినవి. కొన్ని అయిదున్నర మీటర్ల ఎత్తు గలవి. వాటిపై నక్క, అడవిపంది, సర్పం, వృశ్చికం, గృధ్రం చెక్కబడి ఉన్నవి. దొరకిన ఎముకలు వన్యమృగాలవే.

వ్యవసాయం వలన స్థిరనివాసం, దానివలన మిగులు, మిగులు వలన దేవాలయం అన్నది గార్డన్ చైల్డ్ నాటి నుండి పరిచితమైన క్రమం. ష్మిత్ గారు దీనిని తారుమారు చేసినారు. ఆరాధనకై జనం గుమిగూడిరి, వారి పోషణకై సేద్యం పుట్టినది అని వారి వాదం. సమీపంలోని కరాజాదాగ్ ప్రాంతపు అడవిగోధుమయే ఒక పెంపుడు గోధుమజాతికి మూలమని 1997లో వెలువడిన జన్యుపరిశోధన దీనికి బలం చేకూర్చినది.

తర్కం చదివినవారు ఇచ్చట ఆగవలెను. 'ఇది దేవాలయం, శిల్పాలంకృతమగుట వలన' అన్న అనుమానంలో హేతువు అనైకాంతికం. చాతాల్‌హోయుక్‌లో నివాసగృహాలలోనే ఎద్దుతలలు అమర్చినారు గదా! 2011లో బానింగ్ గారి ఆక్షేపణ ఇట్టిదే. పిమ్మట గోబెక్లి తెపెలోనే నివాసగృహాలు, వాననీటి తొట్లు గుర్తింపబడినవి. అడవిధాన్యం నూరిన రాళ్లు వేలకొలది లభించినవి. ఎవరూ నివసింపని పుణ్యక్షేత్రమన్న పక్షం నిలువలేదు. పైగా చైనాలో వరి, మెక్సికోలో మొక్కజొన్న ఇట్టి మహాస్తంభాలు లేకయే సాగుకు వచ్చినవి. కనుక సేద్యానికి ఆరాధనయే కారణమనుటయు పొసగదు.

అంతమాత్రాన ఆరాధనయే లేదనరాదు. హేతువులో వ్యభిచారం చూపినంతనే సాధ్యాభావం సిద్ధింపదు. ఇల్లా, గుడియా అన్న వికల్పమే సందేహాస్పదం. మన గృహ్యసూత్రాలలో గృహాగ్నియే కర్మస్థానం. అచ్చట ఇల్లు వేరు, ఆరాధనాస్థలం వేరు కాదు. ఇది దృష్టాంతం మాత్రమే, సంబంధానికి సాక్ష్యం కాదు.

ఈ మాట నొక్కి చెప్పవలసి ఉన్నది. ఆ స్తంభాలను చూచి యూపాలని సంబరపడువారు మనలో ఉండవచ్చును. వేదకాలానికీ వాటికీ నడుమ వేల ఏండ్ల అంతరం ఉన్నది. రూపసామ్యం వంశసామ్యం కాజాలదు. మన శాస్త్రం ఇట్టి చర్చలలో ఉపకరించవలసినది ప్రాచీనతను చాటుకొనుటకు కాదు, హేతువును పరీక్షించుటకు. ఆ పని మానినచో, శాస్త్రం చదివియు చదువనివారమే అగుదుము.