చెత్త బండికి టైం టేబులు

నౌపడ అంటే రైల్వే వాళ్ళకి జంక్షను, మిగతా వాళ్ళకి ఉప్పు. పర్లాకిమిడి రాజావారు 1900 లో వేయించిన చిన్న రైలు ఇక్కణ్ణించే బయల్దేరేది. ఆ నేరోగేజి 2004 లో ఆగిపోయి, 2011 లో బ్రాడ్ గేజిగా మళ్ళీ మొదలైంది. అంటే నూట పాతికేళ్ళుగా ఈ ఊరికి టైం టేబులు అంటే ఏమిటో తెలుసు (రైలు దానికి కట్టుబడిందా లేదా అన్నది వేరే సంగతి). రైలు ఎన్నింటికొస్తుందో బోర్డు మీద రాయగలిగిన మనం, చెత్త బండి ఎన్నింటికొస్తుందో ఎందుకు రాయలేకపోతున్నాం?

నవ్వకండి, సీరియస్ గానే అడుగుతున్నా. ఇది ఏ ఒక్క పంచాయతీ మీదా ఫిర్యాదు కాదు. టెక్కలి నుంచి ఇచ్ఛాపురం దాకా ఏ ఊరు తీసుకున్నా, ఇంకా దూరం వెళ్ళి మీరుండే మాదాపూర్ అపార్టుమెంటు తీసుకున్నా, నా వాదన ఒకటే. ఇంటింటికీ చెత్త సేకరణ ఫెయిలయ్యేది బండి లేక కాదు, మనిషి లేక కాదు, ఫలానా టైముకి వస్తుందన్న నమ్మకం లేక.

ముందు ఏర్పాటు ఎలా ఉంటుందో చెప్పుకుందాం, ఎందుకంటే మనలో చాలామందికి సొంత ఊళ్ళో ఈ పని ఎలా జరుగుతుందో తెలీదు. ఆంధ్రాలో పల్లెల్లో పంచాయతీకి కొందరు గ్రీన్ అంబాసిడర్లు ఉంటారు. హరిత రాయబారులు అని ముద్దు పేరు. వాళ్ళకొక మూడు చక్రాల రిక్షా, తడి పొడి చెత్తలకి వేరు వేరు డబ్బాలు. ఊరి బయట ఉపాధి హామీ నిధులతో కట్టిన షెడ్డు ఒకటి, దాని పేరు చెత్త నుండి సంపద తయారీ కేంద్రం. తడి చెత్త అక్కడ వానపాముల ఎరువు అవ్వాలి, పొడి చెత్త వేరు చేసి అమ్మాలి. పట్టణాల సంగతి వేరే. 2021 అక్టోబరు 2 న క్లాప్ పేరుతో వేలకొద్దీ బళ్ళు దించారు, ఇంటికి నెలకి ఊరిని బట్టి 120 రూపాయల దాకా వసూలు చేశారు. జనం దాన్ని చెత్త పన్ను అన్నారు. 2024 అక్టోబరు 2 న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి చంద్రబాబు దాన్ని రద్దు చేస్తున్నట్టు ప్రకటించారు. రెండూ గాంధీ జయంతి రోజే... ఆయన పుట్టినరోజుకి మనమిచ్చే కానుక ఎప్పుడూ చెత్తే.

ఇప్పుడు మన సాఫ్ట్ వేర్ వాళ్ళ దగ్గరకి వద్దాం. ఈ సమస్య మనకి చెప్పగానే బుర్రలో మొదట వెలిగేది యాప్. బండికి జీపీఎస్, గోడకి క్యూఆర్ కోడు, కమిషనర్ గారికి డ్యాష్ బోర్డు. కొన్ని పట్టణాల్లో నిజంగానే ఇళ్ళకి క్యూఆర్ స్టిక్కర్లు అంటించారు కూడా. నాకు ఆ ఆలోచన మీద ఒకటే అభ్యంతరం. అది పనిమనిషి వచ్చాడా లేదా అని ఆఫీసుకి చెప్తుంది, ఎప్పుడొస్తాడో ఇంటి మనిషికి చెప్పదు. లాగ్ ఫైల్ బ్రహ్మాండంగా ఉంది, యూజర్ మాత్రం గుమ్మంలో బకెట్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇలాంటి ప్రాజెక్టులు మనం ఆఫీసులో ఎన్ని చూడలేదు?

రెండోది రూట్ ఆప్టిమైజేషన్. ఇంజనీరింగ్ లో చదివిన ట్రావెలింగ్ సేల్స్ మన్ గుర్తొస్తాడు. అసలు ఇది ఆ లెక్క కాదండీ. ప్రతి ఇంటి ముందూ ఆగాలి కాబట్టి ప్రతి వీధీ నడవాలి. ఇది 1960 ప్రాంతంలో క్వాన్ మీకో అనే చైనా గణిత శాస్త్రజ్ఞుడు వేసిన పోస్టుమాన్ లెక్క, అందుకే దానికి చైనీస్ పోస్ట్ మాన్ ప్రాబ్లమ్ అని పేరు. అన్ని వీధులూ తిరిగి, నడిచిన వీధి మళ్ళీ వీలైనంత తక్కువ నడిచి, బయల్దేరిన చోటుకి రావడం. మొత్తం సిటీకి వేసుకుంటే బుర్ర తిరిగే లెక్కే. నౌపడ లాంటి ఊరికైతే నాలుగు వీధులు ఎరిగిన ఏ పెద్దాయనైనా కాగితం మీద గీసిస్తాడు. సర్వర్ అక్కర్లేదు.

పోస్టుమాన్ కీ చెత్త బండికీ ఒక పెద్ద తేడా ఉంది. పోస్టుమాన్ సంచీ తిరిగేకొద్దీ తేలికవుతుంది, చెత్త రిక్షా తిరిగేకొద్దీ బరువెక్కుతుంది. కాబట్టి ఊరి ఆ చివర్నించి మొదలుపెట్టి షెడ్డు వైపుకి రావాలి. షెడ్డు దగ్గర మొదలెట్టి ఆ చివర నిండిపోతే, నిండు రిక్షా మళ్ళీ ఊరంతా తొక్కాలి. ఒక మనిషికి 200 ఇళ్ళు అనుకుందాం, ఇంటికి ఒక నిమిషం. మూడు గంటల ఇరవై నిమిషాలు. ఇది చెయ్యగలిగిన పనే. మధ్యలో రిక్షా నిండిపోయి షెడ్డుకెళ్ళి ఖాళీ చేసి రావడానికి ట్రిప్పుకి ఒక నలభై నిమిషాలు వేసుకోండి, రెండు ట్రిప్పులు ఎక్కువైతే ఆరింటికి మొదలెట్టిన మనిషి చివరి ఇంటికి వెళ్ళేసరికి పదిన్నర దాటుతుంది. ఆ టైముకి పలాస, కాశీబుగ్గ వైపు ఆడవాళ్ళు జీడిపప్పు ఫ్యాక్టరీలో ఉంటారు, ఉప్పు మళ్ళలో పని వాళ్ళయితే తెల్లారకుండానే వెళ్ళుంటారు. ఇంటికి తాళం. బకెట్ లోపల. మర్నాటికి ఆ బకెట్ కాలవలోకి.

కాబట్టి తగ్గించాల్సింది దూరం కాదు, బరువు. ఇక్కడ నా అభిప్రాయం చాలామందికి నచ్చదు. పెరడున్న పల్లె ఇంటి నుంచి తడి చెత్త అసలు సేకరించకూడదు. మన ఇళ్ళ చెత్తలో సగం పైన తడి చెత్తే. కూరగాయ తొక్కలు ఆవు తింటుంది, మెతుకులు కోళ్ళు తింటాయి, మిగిలింది గెత్తం కుప్పలో పడుతుంది. వందల ఏళ్ళుగా ఇంటి వెనకే జరిగిపోతున్న పనిని పట్టుకుని, మనిషి చేత రిక్షా తొక్కించి, కిలోమీటరు అవతల తొట్టెలో వేసి, దానికి సంపద అని పేరెందుకు? పొడి చెత్త అయితే కుళ్ళదు, వారానికి రెండు సార్లు తీసుకెళ్ళినా చాలు. డైపర్లు, ప్యాడ్లు లాంటివి మాత్రం వేరే సంచిలో రోజూ వెళ్ళాలి, వాటి బరువెంత?

ఇది ప్రతి ఊరికీ పనికిరాదని నాకూ తెలుసు. ఉద్దానం తీరం వెంబడి మత్స్యకారుల ఊళ్ళలో ఇల్లూ ఇల్లూ ఆనుకుని ఉంటాయి, పెరడు ఎక్కడిది? చేపల వ్యర్థం ఎండలో మధ్యాహ్నం దాకా కూడా ఆగదు. అక్కడ తడి చెత్తకే రోజూ బండి కావాలి, అదీ పడవలు ఒడ్డుకొచ్చే టైముని బట్టి. టెక్కలి బజార్లో చికెన్ కొట్లకి ఇంకో లెక్క. రాష్ట్రమంతటికీ ఒకే సర్క్యులర్, ఒకే డబ్బా, ఒకే రౌండు అనడంలోనే అసలు పొరపాటు ఉంది. లోకల్ కాన్ఫిగరేషన్ లేని ప్రాడక్టు మనమైతే రిలీజ్ చేస్తామా?

ఇదంతా మన ప్రాంతానికే ఎందుకు ముఖ్యం అంటే, పొడి చెత్త ఇక్కడ ఎటు పోతుందో చూడండి. ఉద్దానం కిడ్నీ జబ్బు భయంతో జనం బోరు నీళ్ళు మానేసి క్యాన్లు, సీసాలు, ప్యాకెట్లు కొనడం అలవాటు చేసుకున్నారు. హిరమండలం నుంచి పైపుల్లో నీళ్ళిచ్చే పథకం 2023 డిసెంబరులో ప్రారంభమైంది కానీ, పోయిన నమ్మకం పైపు వేసినంత తొందరగా తిరిగి రాదు. ఆ ప్లాస్టిక్ అంతా గాలికి ఎగిరేది పల్లం వైపుకే, పల్లంలో ఉన్నవి ఉప్పు మళ్ళు, చిత్తడి నేలలు, తేలినీలాపురం కొంగలు మేతకి దిగే నీళ్ళు. 2018 లో ఐఐటీ బొంబాయి పరిశోధకులు మన దేశంలో అమ్మే ఉప్పులో మైక్రోప్లాస్టిక్ ఉందని తేల్చారు. అది నౌపడ ఉప్పు గురించి చెప్పిన మాట కాదు. కానీ ఉప్పు పేరు మీద బతికే ఊరు, గట్టు మీద పాలిథిన్ సంచి చూసి ఉలిక్కిపడకపోతే ఎలా? ఎగరనిదాన్ని కొబ్బరాకులతో కలిపి తగలబెట్టేస్తారు. ఆ పొగ వాసన తెలియని వాళ్ళు మా వైపు ఉండరు.

టైము ఎంత బలమైనదో తైవాన్ ని చూస్తే తెలుస్తుంది. అక్కడ చెత్త లారీ బీథోవెన్ పాట వాయించుకుంటూ చెప్పిన టైముకే వీధిలోకి వస్తుంది, జనమే సంచులు పట్టుకుని బయటకొచ్చి వేస్తారు. 2000 నుంచి తైపేలో సంచికి డబ్బులు కూడా తీసుకుంటున్నారు, కట్టిన సంచిలోనే వెయ్యాలి. అంత దూరం ఎందుకంటారా, 2000ల మొదట్లో కమిషనర్ ఖాదర్ సాహెబ్ హయాంలో సూర్యాపేట మున్సిపాలిటీ వీధి చెత్త కుండీలు తీసేసి ఇంటింటి సేకరణతో పేరు తెచ్చుకుంది. అప్పట్లో ఏ యాప్ ఉందని?

ఇక డబ్బులు. చెత్త పన్ను రద్దుకి చప్పట్లు కొట్టిన వాళ్ళలో నేను లేను. డిష్ కి నెలకి రెండొందలు కట్టే ఇల్లు చెత్తకి అరవై కట్టలేదంటే నేనొప్పుకోను. కానీ బండి ఎప్పుడొస్తుందో చెప్పకుండా పన్నెప్పుడు కట్టాలో మాత్రం చెప్తే జనానికి ఒళ్ళు మండదా? ముందు టైము నిలబెట్టుకుని ఆరు నెలల తర్వాత అడిగుంటే కథ వేరేగా ఉండేదేమో. మా అత్త ఒకావిడకి ఇదంతా చెప్తే, "ఏటిరా, డబ్బులు నువ్వే కట్టీలాగున్నావు, బండి వస్తే సాలు నాకు" అంది.

అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేది ఆ రాయబారి సంగతి. గౌరవ వేతనం నెలకి 6 వేలు అని మొదలుపెట్టారు, అది కూడా నెలల తరబడి అందలేదని రాష్ట్రంలో చాలా చోట్ల ధర్నాలు జరిగాయి. మన టీములో ఒక నెల జీతం పది రోజులు ఆలస్యమైతే సగం మంది రెజ్యూమేలు అప్ డేట్ చేస్తారు. నాలుగు నెలలు జీతం లేని మనిషిని ఆరున్నరకి నా గుమ్మం ముందు ఉండమనే హక్కు నాకు ఎక్కణ్ణించి వస్తుంది? పైగా ఆ రిక్షా ఎక్కేది ఏ పేట వాళ్ళో మనందరికీ తెలుసు, తెలిసీ మాట్లాడం. 2021-26 కాలానికి పదిహేనో ఆర్థిక సంఘం పంచాయతీలకిచ్చిన గ్రాంటుల్లో 30 శాతం పారిశుధ్యానికే వాడాలని షరతు పెట్టింది. ఇలా కట్టిపెట్టిన డబ్బు ఏ పేరుతో వచ్చినా, అందులోంచి మొదటి తారీఖున వెళ్ళాల్సిన మొదటి ఖర్చు ఈ జీతమే అని నా గట్టి నమ్మకం. డబ్బాలకి రంగులు తర్వాత వేసుకోవచ్చు.

ఇంకో మనిషిని మర్చిపోతున్నాం. సైకిలు మీద వచ్చి పాత ఇనుము, ప్లాస్టిక్ తీసుకుని ఉల్లిపాయలిచ్చే అతను. అతనికి ఏ ఊరికి ఏ వారం వెళ్ళాలో, ఏ వీధిలో ఎన్నింటికి ఆడవాళ్ళు ఇంట్లో ఉంటారో కంఠతా వచ్చు. ఎవరూ జీతం ఇవ్వకపోయినా అతని రౌండు తప్పదు. షెడ్డులో పోగుపడిన పొడి చెత్త అమ్మాలన్నా, రౌండు ఎలా వెయ్యాలన్నా ముందు అతన్ని కూర్చోబెట్టి అడగాలి. మనల్ని కాదు.

నేను అడిగేది ఒక బోర్డు. పంచాయతీ గోడ మీద సుద్దతో రాసినా చాలు. ఫలానా వీధి, మంగళవారం, శుక్రవారం, ఉదయం ఆరుంబావు నుంచి ఏడు. రానప్పుడు ముందురోజు చెప్పాలి, మైకు ఎలాగూ ఉంది. తిత్లీ లాంటి తుపాను వచ్చిన వారం ఎవరూ అడగరు, 2018 లో మా వైపు కూలిన చెట్లు తియ్యడానికే వారాలు పట్టింది. సంక్రాంతి వారం మాత్రం ఒక రౌండు ఎక్కువ వెయ్యాలి. మనమందరం హైదరాబాదు, బెంగుళూరుల నుంచి దిగి, పేపరు ప్లేట్లు, కూల్ డ్రింకు సీసాలు, ఆన్ లైన్ లో తెప్పించుకున్న అట్టపెట్టెలు అన్నీ వదిలేసి, కనుమ మర్నాడు ప్రశాంతి ఎక్కేస్తాం కదా, అందుకు.