రైతు చేతి రొక్కము

రైతు పండించిన పంటకు గిట్టుబాటు ధర లేదన్న మాట మన పత్రికలలో దినదినము కనబడుచునే యున్నది. కాని ఆ ధర, ఎంతైనను కానిండు, రైతు ఇంటికి ఎట్లు చేరుచున్నది, ఎవరెవరి చేతుల మీదుగా చేరుచున్నది, చేరిన దానిలో సంక్రాంతి దాటువరకు నిలుచున దెంత అను ప్రశ్న వేయువారు అరుదు. ధరను గూర్చి శాసనసభలో వాదోపవాదములు జరుగును. రొక్కమును గూర్చి జరుగవు. రొక్కము రైతు సొంత వ్యవహారమని అందరి తలంపు.

హైదరాబాదు నగరమునకు తూర్పున, వరంగల్లు పోవు రాజమార్గముపై, ఉప్పల్ దాటిన తరువాత మేడిపల్లి గ్రామము వచ్చును. గ్రామమనుట అలవాటు కొలదియే. 2016లో జిల్లాల పునర్విభజన జరిగినపుడు అది మండల కేంద్రమైనది; చుట్టునున్న పీర్జాదిగూడ, బోడుప్పల్ పల్లెలు మేడలతో నిండినవి; ఇవతల నాచారము ఎన్నడో పారిశ్రామికవాడగా మారినది. ఐనను మూసీ ఒడ్డున పర్వతాపురము, పీర్జాదిగూడ ప్రాంతములలో నగరపు మురుగునీటితో పారా గడ్డి పండించి, నగరములోని పాడిగేదెలకు అమ్ముకొని బ్రతికిన రైతుల చరిత్రను శాస్త్రజ్ఞులు సయితము వచ్చి పరిశీలించిపోయినారు. వరి ఆరునెలల కొకసారి పైకము నిచ్చును. గడ్డి ఏనాటి కానాడు ఇచ్చును. మోపులు దిగగానే నోట్లు చేతిలో పడును. గడ్డి రైతుకు ఆ నీటి దుర్వాసనయు, దానివలని రోగభయమును కంటబడకపోలేదు; కాని దినదినమును కంటబడు రొక్కము వాటిని మరపించినది. చేతిలో రొక్కము పడుటకు రైతు జీవితములో ఎంత విలువ యున్నదో ఈ ఒక్క సంగతి చెప్పగలదు.

ఆ రొక్కమునకు మొదటి శత్రువు దారిలో కాచుకొని యుండును. పూర్వకాలమున బండ్లబాటలలో దారిదోపిడిగాండ్రు ఉండెడివారు; ఊరివారు పది బండ్లు కలిసికట్టుగా తోలుకొని పోవుట అందుకొరకే. ఇప్పుడు దొంగ కత్తి చూపడు. బ్యాంకు వాకిట నిలిచి, ఎవరు ఎంత సొమ్ము తీసికొనుచున్నారో గమనించును. రైతు నోట్లకట్టను సంచిలో చుట్టి మోటారుసైకిలు డిక్కీలో పెట్టి, ఎరువుల దుకాణము ముందో టీకొట్టు ముందో ఆగును. ఒకడు వచ్చి బండి చక్రములో గాలి లేదనును; మరియొకడు చొక్కాపై ఏదో పడినదనును; రైతు తల త్రిప్పి చూచునంతలో డిక్కీ ఖాళీ. దృష్టి మళ్లించి దోచుకొనుట అని పోలీసులు దీనికి పేరు పెట్టినారు. జిల్లా పత్రికలలో ఇట్టి వార్తలు పంటలు అమ్ముడుపోవు దినములలో తప్పక కనిపించును. పట్టణపు ఉద్యోగికి ఒక నెల జీతము పోయిన మరుసటి నెల మరల వచ్చును. రైతుకు పోయినది ఒక కారు పంట, దానితో పాటు రాబోవు కారు విత్తనము.

రెండవవాడు దొంగ కాడు. అతడు దారిలో ఉండడు, గడపలో కూర్చుండియుండును. అతని చేతిలో ప్రామిసరీ నోటు ఉండును. నూటికి నెలకు రెండు రూపాయలనగా సంవత్సరమునకు ఇరువదినాలుగు శాతము. మూడు రూపాయలనగా ముప్పదియారు శాతము. విద్యార్థులు ఈ లెక్క ఒకసారి వేసి చూడవచ్చును. ఏబదివేల రూపాయలు మూడు రూపాయల వడ్డీకి పది నెలలు వాడుకొన్న రైతు పదిహేనువేలు వడ్డీ కట్టవలెను. అదే సొమ్ము బ్యాంకులో ఏడు శాతము వడ్డీకి దొరికినచో కట్టవలసినది మూడువేలకు లోపు. తేడా పండ్రెండువేలు. దొంగ ఒకసారి వచ్చి ఎత్తుకొనిపోవుదానికిని, ఏటేట ఈ తేడా రూపమున పోవుదానికిని ఏది ఎక్కువయో లెక్కయే చెప్పును. మొదటిదానికి పోలీసు స్టేషనులో ఫిర్యాదు ఇచ్చుటకు వీలున్నది.

తెలంగాణలో ఈ రెండు భయములు ఒకే మనిషిలో మూర్తీభవించిన కాలమొకటి కలదు. పందొమ్మిదవ శతాబ్దమున నిజాము రాజ్యములో అరబ్బులు, రోహిల్లాలు సిపాయీలుగా వచ్చి వడ్డీవ్యాపారులైనారు. అప్పు వసూలునకు వారి న్యాయస్థానము వారి కత్తియే. బాకీదారుని తమ ఇండ్లలో నిర్బంధించి రాబట్టుకొన్న ఉదంతములు పెక్కు. 1853లో దివాను పదవికి వచ్చిన మొదటి సాలార్‌జంగు వారి ఆగడములను అణచుటకు చాల శ్రమపడవలసి వచ్చినది. పిదప షావుకార్లు, దేశముఖులు మిగిలినారు. ధాన్యమప్పును ఇక్కడ నాగు అందురు. ఆకలికాలములో పుట్టి ధాన్యమిచ్చి, కోతల కాలములో పుట్టిన్నర కొలిపించుకొనుట దాని స్వభావము. 1946 నుండి 1951 వరకు జరిగిన రైతాంగ పోరాటములో గ్రామములలో అప్పుపత్రములను తగులబెట్టిన దృశ్యములు ఈ చరిత్ర యొక్క ఫలమే. 1875 మే నెలలో పూనా జిల్లా సూపా గ్రామమున మొదలైన దక్కను రైతుల అలజడిలోను ఇదే జరిగినది. ఆ రైతులు వెదకి తగులబెట్టినది ముఖ్యముగా వడ్డీవ్యాపారుల దస్తావేజులను. దోపిడి ఏ కాగితములో దాగియున్నదో వారికి బాగుగా తెలియును.

ప్రభుత్వములు ఊరకుండలేదు. దక్కను అలజడి పిమ్మట 1879లో వ్యవసాయదారుల ఉపశమన చట్టము వచ్చినది. హైదరాబాదు రాజ్యములో 1930 ప్రాంతమున వ్యవసాయ మార్కెట్ల చట్టము, 1349 ఫసలీలో వడ్డీవ్యాపారుల చట్టము వెలువడినవి. లైసెన్సు లేనిదే వడ్డీవ్యాపారము చేయరాదన్న మాట, కావున, ఈ గడ్డపై ఎనుబది యేండ్లకు పైబడిన మాట. ఆ లైసెన్సు కాగితమును కండ్ల చూచిన రైతు ఎందరుందురో ఉపాధ్యాయులు తమ ఊరిలో విచారించి చూడవచ్చును.

1951–52లో రిజర్వు బ్యాంకు జరిపించిన అఖిలభారత గ్రామీణ పరపతి పరిశీలనలో తేలిన అంకెలు నేటికిని ఉలికిపాటు కలిగించును. రైతు చేసిన అప్పులో నూటికి దాదాపు డెబ్బది వంతులు వడ్డీవ్యాపారులది. సహకార సంఘములది 3.1, వాణిజ్య బ్యాంకులది 0.9 మాత్రమే. ఆ తరువాత 1969లో బ్యాంకుల జాతీయీకరణము, 1982లో నాబార్డు, 1998 నుండి కిసాను క్రెడిట్ కార్డులు వచ్చినవి. 2019 జాతీయ నమూనా సర్వే ప్రకారము దేశములో రైతుల అప్పులలో నూటికి 69.6 వంతులు సంస్థలనుండి వచ్చినవే. వృత్తి వడ్డీవ్యాపారుల వాటా 20.5కి దిగినది. ఇది చిన్న మార్పు కాదు. ఏమియు జరుగలేదని వాదించువారు ఈ అంకెను చూడవలెను. కాని ఆ సర్వేయే మరియొక అంకెను కూడ చెప్పినది. దేశములో రైతు కుటుంబములలో నూటికి 50.2 అప్పులలో ఉండగా తెలంగాణలో 91.7, ఆంధ్రప్రదేశ్‌లో 93.2 కుటుంబములు అప్పులలో ఉన్నవి. తెలంగాణ రైతు కుటుంబపు సగటు అప్పు లక్షా ఏబదిరెండు వేలు. దేశపు సగటు డెబ్బదినాలుగు వేలు. తెలుగు రైతు ఎక్కువ ఖర్చుపెట్టి సేద్యము చేయును, బోరు త్రవ్వించును, కౌలుకు పొలము తీసికొనును. అప్పు అతని సేద్యములో విత్తనము వలెనే ఒక భాగమైపోయినది.

ఇట్టి స్థితిలో రొక్కము మాని, బ్యాంకు ఖాతాలో సొమ్ము వేసికొనుమని రైతునకు సలహా చెప్పుట సులభము. దొంగభయము తీరును; లెక్క నిలుచును. ఐనను రైతు నోట్లనే కోరుటకు కారణము మౌఢ్యము కాదు. ఖాతాలో పడిన సొమ్మును బ్యాంకువారు పాతబాకీ క్రింద జమకట్టుకొందురేమోనని అతని భయము. 2018 మే నెలలో తెలంగాణ ప్రభుత్వము రైతుబంధు పథకమును ఆరంభించి ఎకరమునకు నాలుగువేల చొప్పున ఇచ్చినపుడు, ఆ సొమ్మును మొదట చెక్కుల రూపముననే ఇచ్చినది. ఖాతాలో వేసిన పాతబాకీకి పోవునను శంక ఆనాడు వినవచ్చిన కారణములలో నొకటి. ఆ యేటి శరదృతువున ఎన్నికల నియమావళి అడ్డురాగా సొమ్ము ఖాతాలకే మళ్లినది. ప్రభుత్వమునకే ఆ శంక కలిగినపుడు రైతునకు కలుగుటలో వింత ఏమున్నది?

చెక్కు సంగతి ఆఫ్రికాలోని ఘనా దేశము బాగుగా నేర్చుకొన్నది. అచ్చట కోకో గింజలు కొను గుమాస్తాలు రైతులకు సరిగా సొమ్ము చెల్లించుట లేదని 1982లో ప్రభుత్వము అకువాఫో చెక్కు అను పద్ధతిని ప్రవేశపెట్టినది. అకువాఫో అనగా వారి భాషలో రైతులు. గుమాస్తా మోసము కొంత అరికట్టబడినది. కాని చెక్కును నోట్లుగా మార్చుకొనుటకు రైతు దూరపు బ్యాంకుకు నడచిపోయి, వరుసలో నిలిచి, ఒక్కొక్కప్పుడు సొమ్ము లేదనిపించుకొని తిరిగిరావలసి వచ్చెడిది. కొంతకాలమునకు రైతులు మరల రొక్కమునే కోరినారు. మన రైతులు ఈ పాఠమును 2016 నవంబరు 8 తరువాత నేర్చినారు. చెలామణిలోనున్న నోట్ల విలువలో 86 శాతము ఒక్క రాత్రిలో చెల్లకపోయినది. వారము తిరుగకముందే జిల్లా సహకార బ్యాంకులు పాతనోట్లు తీసికొనరాదని ఉత్తరువు వచ్చినది. అప్పటికి వానాకాలపు పంట అమ్మకము, యాసంగి నాట్ల కొనుగోలు రెండును ఒకేసారి నడుచుచున్నవి. సహకార బ్యాంకు తప్ప వేరు బ్యాంకు నెరుగని రైతు, ఊరి షావుకారు దగ్గరకే తిరిగిపోయినాడు.

మార్కెట్టు యార్డులో మరియొక చిత్రము కలదు. అమ్మిన దినముననే ధర చెల్లింపవలెనన్నది మార్కెట్టు చట్టముల మూలసూత్రము. కాని తక్‌పట్టీ చేతికిచ్చి, సొమ్ము పది పదిహేను దినములకు ఇత్తుమనుట అలవాటు. వెంటనే నోట్లు కావలెనన్నచో నూటికి రూపాయిన్నరయో రెండు రూపాయలో కోసికొందురు. దానికి నగదు కోత అని పేరు. పదిహేను దినములు ముందుగా ఇచ్చినందుకు నూటికి రెండు రూపాయలనగా నెలకు నాలుగు రూపాయల వడ్డీ. అప్పు తీసికొన్నందుకు కాదు. తన సొమ్ము తాను తీసికొన్నందుకు! ఇక అడ్తిదారుడే విత్తుల కాలములో అప్పిచ్చినవాడైనచో, కాంటా దగ్గరనే బాకీ తెగును. రొక్కము దారిలో దొంగకు చిక్కు ప్రమాదమే యుండదు. కొందరు రైతులు ఇంటికి పోవునది ఖాళీ సంచులతోనే.

ఆదాయపు పన్ను శాఖ సయితము ఈ రంగమున రొక్కమును పూర్తిగా నిషేధించుటకు సాహసింపలేదు. 2019 సెప్టెంబరు నుండి బ్యాంకులో సంవత్సరమునకు కోటి రూపాయలకు మించి నగదు తీయువారిపై రెండు శాతము పన్ను మినహాయింపు విధించి, ఆ నెలలోనే, రైతులకు చెల్లించుటకు నగదు తీయు మార్కెట్టు వర్తకులను, కమీషను ఏజెంట్లను దానినుండి తప్పించినారు. రైతుకు నోటు కావలెననుట ఢిల్లీకి తెలిసిన సత్యమే.

ఇప్పుడు సెల్‌ఫోను వచ్చినది. 2007లో కెన్యా దేశమున ఎం-పెసా, 2016లో మన దేశమున యూపీఐ వచ్చి, సొమ్ము సంచిలో మోయు అవసరమును చాలవరకు తగ్గించినవి. డిక్కీ దొంగకు ఇది దెబ్బయే. కాని దొంగయు ఫోను కొనుక్కొన్నాడు; బ్యాంకు మేనేజరునని పలికి రహస్యసంఖ్య చెప్పించుకొనుచున్నాడు. ఊరిలో ఈ మాటను ముందుగా వివరించి చెప్పగలవారు బడిపంతుళ్లు, హైస్కూలు పిల్లలు. తండ్రి ఫోనును వాడుట తెలిసినది పిల్లలకే కదా.

మేడిపల్లి ప్రాంతపు రైతునకు మాత్రము చేతికి వచ్చు రొక్కము పంటది కాక భూమిది కాసాగినది. ఎకరములు గజములైనవి. పత్రములో వ్రాసిన ధర ఒకటి, చేతులు మారిన ధర మరియొకటి యైనపుడు, ఆ నడిమి సొమ్ము బ్యాంకుకు పోజాలదు. ఇంటిలో బీరువాలో కూర్చుండును, చీటీలలోకి పోవును, లేదా వడ్డీకి తిరుగును. నిన్నటి బాకీదారుడు నేడు వడ్డీవ్యాపారి యగుట ఇట్టి ఊళ్లలో కానరాని సంగతి కాదు. ఉప్పల్ భాగాయతులో ప్రభుత్వము మూసీ ఒడ్డు భూములను తీసికొన్నపుడు రైతులకు ఎకరమునకు వేయి గజముల చొప్పున అభివృద్ధి పరచిన స్థలమునిచ్చు పద్ధతిని అనుసరించినది. ఆ స్థలములు చేతికందుటలో జరిగిన జాప్యము సంగతి అటుంచినచో, డిక్కీలో పెట్టి పోగొట్టుకొనుటకు వీలులేని పరిహారము అది.

2016లో తెలంగాణ ప్రభుత్వము చిన్న రైతులు, వ్యవసాయ కూలీలు, గ్రామీణ చేతివృత్తులవారి కొరకు రుణ ఉపశమన కమీషను చట్టమును చేసినది. ప్రైవేటు అప్పులను విచారించి, న్యాయమైన వడ్డీని నిర్ణయించు అధికారమును ఆ కమీషనునకు ఇచ్చుట దాని ఉద్దేశము. బ్యాంకు అప్పుల మాఫీ 2014లోను 2024లోను జరిగినది. 2014లో లక్ష వరకు, 2024లో రెండు లక్షల వరకు. మాఫీ బ్యాంకు అప్పునకే వర్తించినది. ప్రామిసరీ నోటు అప్పునకు మాఫీ లేదు. కౌలురైతునకు పాసుపుస్తకము లేదు. 2011లో ఉమ్మడి రాష్ట్రము చేసిన చట్టము ప్రకారము కౌలుకార్డు ఇయ్యవలసి యున్నను, భూమి చేయిజారునను భయముతో యజమాని ఒప్పుకొనడు. బ్యాంకు తలుపు తట్టలేని ఆ కౌలురైతు పంట అమ్మినపుడు సొమ్ము పెక్కు చోట్ల పట్టాదారు ఖాతాలో పడును. అతడు దానిని అడిగి తెచ్చుకొనవలెను, నోట్లుగా.