కొత్త చెప్పు కరిచినప్పుడు

పండుగ వస్తోందంటే కొత్త బట్టలతోపాటు కొత్త చెప్పులూ ఇంటికి రావలసిందే. రమజాను చివరి రాత్రులలో బజారు రద్దీలో నిలబడి, పిల్లవాడి కాలికి ఒక జోడు తొడిగి చూసి, సరిపోయిందనుకుని తెచ్చుకుంటాము. ఈద్ ఉదయం ఆ జోడుతోనే ఈద్‌గాహ్‌కు నడుస్తాము. నమాజు ముగించుకుని, బంధువుల ఇళ్ళన్నీ తిరిగి ఇల్లు చేరేసరికి పిల్లవాడు కుంటుతూ ఉంటాడు. "అమ్మీ, చెప్పు కరిచింది" అంటాడు. మడమ మీద నీటిపొక్కు తేలి ఉంటుంది. రెండు రోజులు పాత చెప్పులు వేసుకుంటే తగ్గిపోతుందిలే అని మనం సరిపెట్టుకుంటాము. చాలామందికి నిజంగానే తగ్గిపోతుంది.

కాని అందరికీ అలా తగ్గదు. నిరుడు మా కుటుంబంలో ఒక నికాహ్ సందర్భంగా మా తల్లిగారికి కొత్త చెప్పులు కొన్నాము. ఆమెకు చాలా ఏళ్ళుగా మధుమేహం ఉంది. ఆ రోజంతా ఆమె వచ్చినవారిని పలకరిస్తూ తిరుగుతూనే ఉన్నారు. నొప్పి అని ఒక్కమాట అనలేదు. సాయంత్రం అస్ర్ నమాజు తరువాత జానమాజ్ మీద చిన్న రక్తపు మరక కనిపించింది. చూస్తే ఆమె మడమ మీద పొక్కు లేచి, పగిలి, చర్మం ఊడిపోయి ఉంది. "నాకేమీ తెలియలేదు బిడ్డా" అన్నారామె. ఆ పుండు మానడానికి ఆరు వారాలకు పైగా పట్టింది. వైద్యులు మమ్మల్ని మందలించలేదు. "రోజూ ఆమె పాదాలు చూసేవారు మీ ఇంట్లో ఎవరు?" అని మాత్రం అడిగారు. మా వద్ద సమాధానం లేదు. ఈ నెల ఈ విషయం గురించి వ్రాయాలని మేము నిశ్చయించుకోవడానికి కారణం ఆ ప్రశ్నే.

పొక్కు ఎందుకు లేస్తుంది?

కొత్త చెప్పు అంచు గట్టిగా ఉంటుంది. నడిచేటప్పుడు పాదంలోని ఎముక ముందుకూ వెనుకకూ కదులుతుంది. పైచర్మం మాత్రం చెప్పుకు అంటుకుని అక్కడే నిలిచిపోతుంది. ఈ లాగులాటలో చర్మపు పైపొరలు ఒకదానినుండి ఒకటి విడిపోతాయి. ఆ ఖాళీలోకి పల్చని ద్రవం ఊరి నిలుస్తుంది. అదే నీటిపొక్కు. చెమటతో చర్మం తడిసి ఉంటే రాపిడి మరింత పెరుగుతుంది. బిగుతైన చెప్పులే కరుస్తాయనుకోవడం పొరపాటు. "పిల్లలు ఎదుగుతారు కదా" అని ఒక సైజు పెద్దవి కొన్నా, మడమ అడుగడుగునా జారి రాసుకుంటుంది.

పొక్కు లేవడానికి ముందు చర్మం మనకు ఒక హెచ్చరిక ఇస్తుంది. ఆ చోట ఎర్రబడి, వెచ్చగా మంట పుడుతుంది. ఆ క్షణంలో ఆగి, చెప్పు విప్పి, అక్కడ మెత్తని ప్లాస్టరు అంటించగలిగితే చాలావరకు పొక్కు లేవకుండానే ఆపవచ్చు. పండుగపూట సంచిలో నాలుగు ప్లాస్టర్లు వేసుకోవడం తల్లులకు పెద్ద భారమేమీ కాదు.

లేచిన తరువాత ఏమి చేయాలి?

పొక్కు చిన్నదై, నొప్పి అంతగా లేకపోతే దానిని చిదమకూడదు. పైనున్న చర్మం అల్లాహ్ మనకు ప్రసాదించిన కట్టు. లోపల కొత్త చర్మం ఏర్పడేవరకు అది సూక్ష్మక్రిములను అడ్డుకుంటుంది. సబ్బునీటితో శుభ్రంగా కడిగి, మెత్తగా అద్ది, పైన వదులుగా ప్లాస్టరు వేస్తే సరిపోతుంది. సాధారణంగా వారం రోజుల లోపల లోపలి ద్రవం ఇంకిపోయి, పైచర్మం తనంతట తానే రాలిపోతుంది. అంతవరకు ఆ చెప్పులు వేసుకోకూడదు.

పొక్కు పెద్దదై, ఉబ్బి, అడుగు వేయనీయకపోతే, ఇతర జబ్బులేవీ లేని ఆరోగ్యవంతులు దానిలోని నీటిని తీయవచ్చు. ముందు చేతులను, పొక్కును సబ్బుతో కడగాలి. సూదిని స్పిరిట్‌తో తుడవాలి. పొక్కు అంచున ఒకటి రెండు చోట్ల గుచ్చి, నీరు మెల్లగా బయటికి వచ్చేలా ఒత్తాలి. పైచర్మాన్ని మాత్రం పీకవద్దు, కత్తిరించవద్దు. తరువాత వాజిలైన్ పలుచగా రాసి, శుభ్రమైన గాజుగుడ్డతో కప్పి, రోజూ మార్చాలి.

మన ఇళ్ళలో పొక్కు మీద టూత్‌పేస్టు, సున్నం, కాఫీపొడి వంటివి పెట్టే అలవాటు ఉంది. వీటితో మేలు జరగకపోగా, పగిలిన చర్మం మీద మంట, మురికి చేరుతాయి. చీము పట్టినా, చుట్టూ ఎరుపు పాకుతున్నా, పాదం వేడెక్కి వాచినా, పొక్కు నుండి పైకి ఎర్రని చారలు కనిపించినా, జ్వరం వచ్చినా ఇక ఇంటివైద్యం మాని ఆ రోజే వైద్యుని వద్దకు వెళ్ళాలి.

వుజూ సంగతి

కాలికి కట్టు ఉన్నప్పుడు వుజూ ఎలా చేయాలన్న సందేహం చాలామందికి కలుగుతుంది. మామూలు పొక్కుకు శుభ్రమైన నీటివల్ల హాని లేదు. కనుక కట్టు విప్పి పాదం కడుక్కోవచ్చు. కాని కడిగిన తరువాత వేళ్ళ సందులతో సహా పొడిగా తుడుచుకుని, కొత్త ప్లాస్టరు వేసుకోవాలి. తడి ప్లాస్టరు మీదే మేజోడు తొడిగితే చర్మం నాని పొక్కు ఇంకా పెద్దదవుతుంది. నీరు తగిలితే గాయానికి హాని అని వైద్యులు చెప్పినట్లయితే, కట్టు మీద తడిచేతితో మసహ్ చేసే సౌలభ్యం మన ధర్మంలో ఉంది. దాని వివరాలను మీ మస్జిదులోని ఆలిమ్‌గారిని అడిగి తెలుసుకోండి. సందేహంతో నమాజు వాయిదా వేయవద్దు, మొండితనంతో గాయాన్ని రేపుకోవద్దు.

కొనేటప్పుడే జాగ్రత్త

చెప్పులు సాయంత్రం వేళ కొనడం మంచిది. పగలంతా తిరగడంవల్ల పాదాలు అప్పటికి కొద్దిగా ఉబ్బి ఉంటాయి. ఉదయం సరిపోయిన జోడు సాయంత్రానికి బిగుతు కావచ్చు. రెండు పాదాలూ ఒకే కొలతలో ఉండవు. రెండింటికీ తొడిగి, నిలబడి, నాలుగడుగులు నడిచి చూడాలి. అన్నింటికంటే పొడవైన వేలికి ముందు బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. మడమ జారకూడదు.

తెచ్చిన జోడును పండుగనాడే మొదటిసారి తొడగవద్దు. రెండు వారాల ముందే కొని, ఇంట్లో మొదట అరగంట, తరువాత గంట, అలా పెంచుతూ అలవాటు చేసుకోవాలి. పూర్వం తోలు చెప్పులకు ఆముదం పట్టించి మెత్తబరిచేవారు. అసలైన తోలుకు ఆ పద్ధతి నేటికీ పనికివస్తుంది, రెక్సిన్‌కు, ప్లాస్టిక్‌కు మాత్రం పనిచేయదు. బూట్లు వేసుకునేవారు చెమటను పీల్చి నిలవేసుకునే నూలు మేజోళ్ళకంటే, తడిని బయటికి పంపే క్రీడాకారుల మేజోళ్ళు వాడితే పొక్కులు తగ్గుతాయి.

హజ్, ఉమ్రాలకు వెళ్ళేవారికి

ఈ జాగ్రత్తలు అందరికంటే ఎక్కువ అవసరమైనది యాత్రికులకు. సఫా, మర్వాల మధ్య దూరం సుమారు 450 మీటర్లు. ఏడుసార్లు నడిస్తే మూడు కిలోమీటర్లు దాటుతుంది. దానికి తవాఫ్ కలపండి, బస నుండి హరమ్‌కు రాకపోకలు కలపండి, మినా, అరఫాత్, ముజ్దలిఫాల నడక కలపండి. ఇంటి వద్ద వీధి చివరి వరకు కూడా నడవని పాదాలు అక్కడ ఒక్కసారిగా ఇంత శ్రమకు గురవుతాయి. ఇహ్రామ్‌లో పురుషులు చీలమండలను కప్పే పాదరక్షలు ధరించకూడదు గనుక చాలామంది ప్రయాణానికి ముందురోజు కొత్త చెప్పులు కొంటారు. ఇది పెద్ద పొరపాటు. ఆ చెప్పులను కనీసం నెల ముందే కొని, వాటితోనే రోజూ నడక సాధన చేయాలి. స్త్రీలు మేజోళ్ళు, బూట్లు ధరించవచ్చు గనుక ఆ సౌలభ్యాన్ని వదులుకోకూడదు. రాపిడి తగ్గడానికి వాడే లేపనం ఇహ్రామ్‌లో సువాసన లేనిదై ఉండాలి. చెప్పులను గుడ్డసంచిలో వెంట ఉంచుకోండి. వాకిట విడిచి పోగొట్టుకున్నవారు ఎండకు కాలిన రోడ్డు మీద వట్టికాళ్ళతో నడిచి అరికాళ్ళు కాల్చుకుంటారు.

మధుమేహం ఉన్నవారికి

మధుమేహం ఏళ్ళ తరబడి ఉంటే పాదాల నరాలు మొద్దుబారవచ్చు. అప్పుడు చెప్పు కరిచినా నొప్పి తెలియదు. రక్తప్రసరణ కూడా తగ్గి ఉంటే గాయం త్వరగా మానదు. చిన్న పొక్కే పుండై, ఎముకను చేరి, వేలునో పాదాన్నో తొలగించవలసిన స్థితి రావచ్చు. కనుక వీరు పొక్కును ఇంట్లో గుచ్చకూడదు. ఎంత చిన్నదైనా వైద్యునికి చూపించాలి. చెప్పు తొడిగే ముందు లోపల చేయి పెట్టి రాయి, మేకు, కుట్టు తగులుతున్నాయేమో చూడాలి. ప్రతిరోజూ పాదాలను పైనా క్రిందా, వేళ్ళ మధ్యా పరిశీలించాలి. వంగలేని పెద్దలకు, చూపు మందగించినవారికి ఇంట్లో మరొకరు ఆ పని చేయాలి.

మన శరీరానికి కూడా మనపై హక్కు ఉన్నదని మన ధర్మం బోధిస్తుంది. కన్నవారి హక్కు మరింత గొప్పది. ఇప్పుడు మా ఇంట్లో ఇషా నమాజు తరువాత మా తల్లిగారి పాదాలు చూసే బాధ్యత పదేళ్ళ మనుమడిది. మొదట్లో ఆమె సిగ్గుపడి కాళ్ళు వెనక్కి తీసుకునేవారు. ఇప్పుడు ఆమే వాడిని పిలిచి, దీపం దగ్గరికి జరిగి కూర్చుంటున్నారు. వైద్యులు అడిగిన ప్రశ్నకు మాకు సమాధానం దొరికింది. మీ ఇంట్లో ఆ పని ఎవరు చేస్తున్నారో ఈ రాత్రే ఒకసారి ఆలోచించండి.