లాగిన్ అయితే అన్నీ రావు

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఎనిమిదో తరానిదో ఆ పైదో కావాలి. దాంతో నిక్షేపంలా నడుస్తున్న కంప్యూటర్లు కూడా ఒక్కసారిగా పాతబడ్డాయి. మన కోనసీమలో, మామిడికుదురు సెంటర్‌లో శుభలేఖలు కొట్టే డీటీపీ షాపులు మొదలుకొని అంబాజీపేట కొబ్బరి వ్యాపారుల గల్లాపెట్టెల దాకా అందరిదీ ఇదే పరిస్థితి. కొత్తది కొందామనుకున్నవాళ్ళు ముందు అడిగే ప్రశ్న ఒకటే: "పాతదాంట్లోవి ఎలాగండీ?" జవాబు కూడా ఊరంతా ఒకటే: "ఏముందండీ, లాగిన్ అయితే చాలు, అన్నీ వచ్చేస్తాయి." అమ్మేవాళ్ళు ఈ మాటే అంటారు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న మన అబ్బాయీ ఫోన్‌లో ఈ మాటే అంటాడు.

ఈ మాట ఫోన్ల విషయంలో చాలామటుకు నిజం. కంప్యూటర్ల విషయంలో, అందులోనూ ఏళ్ళ తరబడి తెలుగులో పనిచేసిన కంప్యూటర్ల విషయంలో నిజం కాదు. నమ్మినవాళ్ళకి ఆ సంగతి నెలల తర్వాత, పాత డిస్కు చెరిపేశాక తెలుస్తుంది.

లాగిన్‌తో ఏమొస్తాయో ముందు చూద్దాం. మెయిల్ వస్తుంది. బ్రౌజర్‌లో గుర్తు పెట్టుకున్న సైట్లు, సింక్ పెట్టి ఉంటే పాస్‌వర్డ్‌లు వస్తాయి. వన్‌డ్రైవ్‌లోకో గూగుల్ డ్రైవ్‌లోకో ముందే ఎక్కినవి వస్తాయి. ఆ ఎక్కడానికి హద్దుంది. వన్‌డ్రైవ్ ఉచితంగా ఇచ్చేది 5 జీబీ. గూగుల్ ఇచ్చే 15 జీబీని మెయిలు, డ్రైవు, ఫోటోలు కలిసి పంచుకోవాలి. గూగుల్ ఫోటోస్‌లో లెక్క లేకుండా ఉచితంగా దాచుకునే వీలు 2021 జూన్ 1తో పోయింది. పైగా వన్‌డ్రైవ్ తనంతట తాను చూసుకునేది డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటి ఫోల్డర్లను. మనవాళ్ళు పని దాచుకునేది డి డ్రైవ్‌లో, ఈ డ్రైవ్‌లో. వాటి జోలికి లాగిన్ పోదు. ట్యాలీ లెక్కలు రావు, ఎక్కించుకున్న ఫాంట్లు రావు, ప్రోగ్రాములు రావు. అంటే మన కష్టార్జితం దాదాపు అంతా పాతదాంట్లోనే ఉండిపోతుంది.

ఇది చేతకాక జరిగింది కాదు. 2001 నాటి విండోస్ ఎక్స్‌పీలోనే ఫైళ్ళనీ సెట్టింగులనీ పాత కంప్యూటర్ నుంచి కొత్తదానికి నేరుగా దాటించే విజార్డ్ ఉండేది. విస్టాలో, విండోస్ 7లో దాన్నే ఈజీ ట్రాన్స్‌ఫర్ అన్నారు. 2015లో వచ్చిన విండోస్ 10 నుంచి దాన్ని తీసేశారు, ఆ చోట్లోకి లాగిన్ వచ్చి కూర్చుంది. కేబుల్ వేసి ఒక్కసారి దాటించుకునేవాడి దగ్గర నెలనెలా వసూలు చేయడానికి ఏముంటుంది? క్లౌడ్‌లో చోటు చాలనివాడే అద్దె కడతాడు. ఇటీవల విండోస్ బ్యాకప్‌లో పక్కపక్కనున్న రెండు కంప్యూటర్ల మధ్య ఫైళ్ళు దాటించే వీలు మళ్ళీ తెస్తున్నారు. అందులోనూ ప్రోగ్రాములు రావు.

ఇక తెలుగు సంగతి. 2009లో కొట్టిన ఒక శుభలేఖ ఫైలు తీసుకోండి. తెలుగు టైపుకి వాడే అను స్క్రిప్ట్ మేనేజర్‌తో, పేజ్‌మేకర్ 7లో కొట్టింది. ఫైలు కొత్త కంప్యూటర్‌లోకి క్షేమంగానే చేరింది. నొక్కితే తెరుచుకోదు, ఎందుకంటే పేజ్‌మేకర్ లేదు. 2001లో 7.0 తెచ్చిన అడోబ్ 2004లో దాన్ని పెంచడం మానేసింది. ఇన్‌డిజైన్‌తో తెరుద్దామంటే సీఎస్6 వరకే ఆ వీలుంది, ఇప్పటి వెర్షన్లు పేజ్‌మేకర్ ఫైళ్ళని ముట్టుకోవు. ఎవరి దగ్గరో పాత సీడీ సంపాదించి, పేజ్‌మేకర్ ఎక్కించి తెరిచారనుకోండి. 'చి.ల.సౌ.' ఉండాల్సిన చోట నెత్తిన చుక్కలున్న యూరపు అక్షరాలు, పౌండు గుర్తులు, ఎటూ కాని కొమ్ములు కనిపిస్తాయి. పెళ్ళికూతురి పేరు ఎక్కడుందో వాళ్ళ నాన్నగారికి కూడా దొరకదు.

ఫైలు చెడిపోయిందనుకుంటాం. చెడిపోలేదు. యూనికోడ్‌కి ముందు తరం ఫాంట్లు తెలుగు అచ్చురూపాల్ని ఇంగ్లీషు అక్షరాలకీ గుర్తులకీ కేటాయించిన గళ్ళలో కూర్చోబెట్టాయి. తలకట్టు ఒక గడిలో, గుడి ఒక గడిలో, వత్తు ఇంకో గడిలో ఉంటాయి. ఆపరేటర్ వాటిని పక్కపక్కన పేర్చితే తెర మీద తెలుగు కనిపించేది. ఫైలులో నమోదయ్యేది మాత్రం ఆ గళ్ళ సంఖ్యలే. కాబట్టి ఆ ఫైలులో తెలుగు లేదు, తెలుగంతా ఫాంటులోనే ఉంది. ఫాంటుని పాత కంప్యూటర్‌లో వదిలేస్తే భాషనే వదిలేసినట్టు. ఏ కంపెనీ లాగిన్ అయినా ఆ ఫాంటుని తెచ్చిపెట్టదు. చాలా షాపుల్లో అది ఒకరి పెన్‌డ్రైవ్ నుంచి ఇంకొకరికి నడిచొచ్చిన కాపీ, అసలు సీడీ ఎవరి దగ్గరుందో ఎవరికీ గుర్తుండదు.

యూనికోడ్ తెలుగుకి సొంత గళ్ళు ఇచ్చింది 1991లో. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది. తర్వాత మండలి, రామభద్ర, సూరన్న, ధూర్జటి లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరికాయి. అయినా అచ్చు పనివాళ్ళు అను వదల్లేదు. వాళ్ళు నమ్ముకున్న పేజ్‌మేకర్‌కి యూనికోడ్ తెలియదు, ఆ అచ్చు అందానికి కళ్ళు అలవాటు పడ్డాయి. వాళ్ళని తప్పుపట్టలేం. కానీ దాని ఫలితం మన ముందుంది. గుడి స్థలపురాణాల పుస్తకాలు, బడి వార్షికోత్సవాల సంచికలు, సొంత ఖర్చుతో అచ్చేసుకున్న కవితా సంపుటాలు, పెద్దకర్మ కార్డుల్లో ఉన్న వంశాల వివరాలు, ఇవన్నీ ఆ గళ్ళ సంఖ్యల్లోనే ఉన్నాయి. వెతికితే దొరకవు, ఫాంటు లేకపోతే చదవనూ లేం.

"ఫైళ్ళు పోతే పోయాయి, సెట్టింగులకేముంది, మళ్ళీ పెట్టుకోవచ్చు" అనేవాళ్ళూ ఉన్నారు. ఆ మాట టైపు చేసే వేళ్ళని అడగాలి. డీటీపీ ఆపరేటర్లలో ఎక్కువమంది చెయ్యి ఆపిల్ అనే కీబోర్డు అమరిక మీద తిరిగింది. కొత్త విండోస్‌లో తెలుగు పెట్టుకుంటే వచ్చేవి ఇన్‌స్క్రిప్ట్, ఫోనెటిక్. గంటకి ఆరు పేజీలు కొట్టే మనిషి ఒక్క పూటలో ఒకటో తరగతి పిల్లాడైపోతాడు. కొబ్బరి వ్యాపారిదీ అదే అవస్థ. ప్రతి దింపుకీ ఎవరి తోట నుంచి ఎన్ని కాయలొచ్చాయో, ఒలుపు కూలి ఎంతయిందో, కురిడీ ఏ ధరకి పోయిందో ట్యాలీలో ఉంటుంది. కొత్తదాంట్లో ట్యాలీ ఎక్కిస్తారు, తెరిస్తే కంపెనీ పేరే కనిపించదు. డేటా అంకె పేరున్న ఒక ఫోల్డర్‌లో ఉంటుంది. దాన్ని తెచ్చి పెట్టి, అదెక్కడుందో ట్యాలీకి చూపించాలి. బ్రౌజర్ పాస్‌వర్డ్‌లు ఇంకో రకం. ఆ ఫోల్డర్ అంతా ఎత్తుకొచ్చినా అవి తెరుచుకోవు, ఎందుకంటే వాటి తాళం పాత కంప్యూటర్‌లోని యూజర్ ఖాతాతో ముడిపడి ఉంటుంది. ఈ ఒక్క చోట లాగిన్, సింక్ నిజంగా మేలు.

పోనీ అంతా క్లౌడ్‌లోకే ఎక్కిద్దామా? లెక్క వేద్దాం. ఒక ఇంట్లో ఫోటోలు, వీడియోలు, పని ఫైళ్ళు కలిపి 100 జీబీ ఉన్నాయనుకోండి. సెకనుకి 10 మెగాబిట్ల అప్‌లోడ్ ఆగకుండా నడిస్తే 22 గంటల పైన పడుతుంది. దించుకోవడానికి మళ్ళీ సమయం. అదే 100 జీబీ, సెకనుకి 100 మెగాబైట్లు రాసే యూఎస్‌బీ హార్డ్ డిస్కులోకి ఇరవై నిమిషాల్లోపు ఎక్కుతుంది, చిన్న ఫైళ్ళు వేలల్లో ఉంటే ఇంకాస్త పడుతుంది. పైగా నెట్ మన చేతిలో ఉండదన్న సంగతి కోనసీమ వాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. 2022 మే 24న జిల్లా పేరు మార్పు మీద అమలాపురంలో అల్లర్లు చెలరేగాక ఇక్కడ ఇంటర్నెట్ రోజుల తరబడి ఆగిపోయింది. ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగులు లాప్‌టాప్‌లు పట్టుకుని సిగ్నల్ దొరికే ఊళ్ళు వెతుక్కున్నారు. ఆ రోజుల్లో కొత్త కంప్యూటర్ కొన్నవాడికి ఏ లాగిన్ ఏం తెచ్చిపెట్టేది?

క్లౌడ్‌ని నమ్మనివాళ్ళు ఇంకో మాట నమ్ముతారు: "షాపులో కుర్రాడు ఎక్కించేస్తాడులెండి." అక్కడ నడిచే సంభాషణ ఇలా ఉంటుంది.

"సి డ్రైవ్‌లో ఏమన్నా ఉన్నాయాండీ? ఫార్మాట్ కొట్టేయాలి."

"ఏమీ లేవు బాబూ, నావన్నీ డెస్క్‌టాప్ మీదే ఉన్నాయి."

డెస్క్‌టాప్ ఉండేదే సి డ్రైవ్‌లో. అడిగినవాడు అబద్ధం ఆడలేదు, చెప్పినాయనా ఆడలేదు. పదేళ్ళ పని మాత్రం రెండు మాటల మధ్య పోయింది. ఆ కుర్రాడి ముందు ఇంకా నాలుగు కంప్యూటర్లు విప్పి ఉంటాయి. మీ ఫైళ్ళలో ఏది ప్రాణమో ఏది చెత్తో అతనికి ఎలా తెలుస్తుంది? పోనీ కొత్తదాంట్లో ఖాతా తెరుస్తాడు. మీ మెయిల్ పాస్‌వర్డ్ మీకు గుర్తు లేదంటే ఏదో ఒక మెయిల్‌తో పని కానిచ్చేస్తాడు. ఇప్పటి విండోస్ 11, మైక్రోసాఫ్ట్ ఖాతాతో మొదలుపెడితే, చాలా కంప్యూటర్లలో డిస్కుకి తనంతట తనే తాళం వేస్తుంది. విప్పే 48 అంకెల రికవరీ కీ ఆ ఖాతాలోకే వెళుతుంది. రేపు మదర్‌బోర్డు పోయి కంప్యూటర్ ఆ కీ అడిగితే ఎవరి మెయిల్‌ని, ఎవరి పాస్‌వర్డ్‌ని వెతుకుతారు?

"అయినా మన దగ్గర అంత విలువైనవేం ఉన్నాయండీ?" అనేది ఆఖరి వాదన. గోదావరి పొంగి అప్పనపల్లి కాజ్‌వే మునిగే వేళకి లంకల్లో ఇల్లాలు ముందు ఏం సర్దుతుందో చూసినవాళ్ళు ఈ మాట అనరు. పట్టాదారు పాస్‌బుక్కులు, కాస్త బంగారం, పిల్లల సర్టిఫికెట్లు ముందు అటక ఎక్కుతాయి. మంచం, బీరువా తర్వాత. ఏది ముందో ఆమెకి తెలుసు. ఆ పనిని పొరుగువాడికి అప్పగించదు. కంప్యూటర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ తెలివిని మనం గుమ్మం బయటే వదిలేస్తున్నాం. కువైట్‌లోనో మస్కట్‌లోనో పనిచేస్తున్న తల్లి పంపిన వీడియోలు, పొలం దస్తావేజుల స్కాన్లు, చనిపోయిన పెద్దాయన గొంతు రికార్డింగు, ఇవన్నీ ఏ ఫోల్డర్‌లో ఉన్నాయో ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు. ఫైళ్ళ బదిలీలో కాపీ కొట్టడం చిన్న పని. ఏది కావాలో తేల్చుకోవడమే అసలు పని, అది లాగినూ చేయదు, షాపు కుర్రాడూ చేయడు.

చేయాల్సింది కష్టమైనదేం కాదు. పాత కంప్యూటర్ నడుస్తుండగానే ఒక యూఎస్‌బీ హార్డ్ డిస్కు కొనండి. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, డి, ఈ డ్రైవ్‌లు అందులోకి ఎక్కించండి. ఫాంట్లు, ట్యాలీ డేటా, ప్రోగ్రాముల లైసెన్సు వివరాలు మరిచిపోవద్దు. అను ఫైళ్ళన్నీ పాతదాంట్లోనే తెరిచి పీడీఎఫ్‌లు చేసుకోండి, చూడటానికైనా మిగులుతాయి. ముఖ్యమైనవాటిని కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చండి. వత్తులు, క్రారవడులు తారుమారవుతాయి కాబట్టి చదివి దిద్దుకోండి. కొత్తదాంట్లో ఖాతా మీ సొంత మెయిల్‌తో, మీ చేత్తో తెరవండి. రికవరీ కీ కాగితం మీద రాసి పాస్‌బుక్కుల పక్కన పెట్టండి. క్లౌడ్ కూడా వాడుకోండి, కానీ సింక్‌నే బ్యాకప్ అనుకోకండి. సింక్ ఉన్నచోట ఒక వైపు చెరిపితే రెండో వైపూ చెరిగిపోతుంది.

పాతదాన్ని ఎక్స్‌ఛేంజ్‌కి ఇచ్చేటప్పుడు ఇంకో జాగ్రత్త. మామూలుగా డిలీట్ చేసినంత మాత్రాన ఆధార్ కాపీలు డిస్కు మీంచి పోవు. రీసెట్‌లో డ్రైవ్‌ని పూర్తిగా శుభ్రం చేసే ఎంపిక ఉంటుంది, అది వాడండి. ఊళ్ళో సగం మంది కాగితాలు స్కాన్ చేసే షాపులకి ఈ బాధ్యత రెట్టింపు. వ్యక్తిగత డేటా రక్షణకి 2023లో పార్లమెంటు చట్టమే చేసింది.

కొత్తది కొన్న రోజునే పాతదాన్ని వదిలించుకోకండి. మూడు నెలలు పక్కన ఉంచండి. ఒక జీఎస్టీ రిటర్ను వేసి, ఒక శుభలేఖ తెరిచి దిద్ది, ఒక పాత ఫోటో వెతికి తీశాక, అప్పుడు ఇచ్చేయండి. "లాగిన్ అయితే చాలు" అన్నవాళ్ళు ఎవరూ మీ ఫైలు పోయిన రోజున తెచ్చివ్వరు.