వేళకు పలికిన మాట

గడచిన నెలలో షోలాపురము పూర్వ భాగమునకు చెందిన ఒక యువకుడు మా కార్యాలయమునకు వచ్చి, తన నాలుగు మరమగ్గములను అమ్మివేయదలచితిననియు, కొనువారెవరైన నున్నచో తెలుపవలెననియు కోరెను. కారణమడుగగా సంగతి బయటపడినది. పొరుగు రాష్ట్రపు వర్తకునకు పండుగ లోపల తువాళ్లు పంపుదునని అతడు నోటిమాటగా ఒప్పుకొనెను. అద్దకము వద్ద జాప్యమయ్యెను. ఆ జాప్యము రెండు వారములు ముందుగనే తెలిసినను, ఎటులో సరిపెట్టవచ్చునని వర్తకునకు తెలుపలేదు. సరుకు పండుగ దాటిన పిదప చేరినది. వర్తకుడు సగము ధరయే ఇత్తుననెను. ఆ సగము కూడ నేటికిని రాలేదు. నూలు కొరకు చేసిన అప్పు ఇంట భార్యకు తెలియదు. పెద్దలనెవరినైన అడుగలేదా యని మేము ప్రశ్నింపగా, అడిగినచో చులకనయగుదునని భయపడితిననెను.

ఇతని నేతలో లోపము లేదు. నూలులో లోపము లేదు. కొనువానితోను, పెద్దలతోను, ఇంటివారితోను వేళకు పలుకవలసిన మాట పలుకకపోవుటయే ఇతనికి చేటు తెచ్చినది. ఇట్టివారు మనలో పలువురు గలరు. భివండిలో మగ్గములు నడుపువారికిని, బెంగళూరులో దుకాణము పెట్టినవారికిని ఈ సంగతి వర్తించును గనుక దీనిని గూర్చి కొంత వ్రాయుట మా విధియని తలచితిమి.

తెలంగాణము నుండి మగ్గములతో షోలాపురము చేరిన మన పద్మశాలి పూర్వులకు నోటిమాట చాలియుండెను. నూలు ఇచ్చువాడు, నేయువాడు, కొనువాడు ఒకరి మొగము ఒకరు ఎరిగినవారు. నేడు షోలాపురపు చద్దరుకును, టెర్రీ తువాలుకును చట్టము ననుసరించి భౌగోళిక సూచిక గుర్తింపు కలదు. ఆ సరుకు మనమెన్నడును చూడని ఊళ్లకు పోవుచున్నది. కొనువానిది వేరు భాష, వేరు ఊరు. అట్టివాని యెదుట మన మౌనమునకు అర్ధాంగీకారమను అర్థమే వచ్చును. సరుకు వేళకు వచ్చుచున్నదనియే అతడు నమ్ముచుండును.

కావున మొదటి మాట కొనువానితో. బేరము కుదిరిన దినముననే రంగు, కొలత, బరువు, లెక్క, ధర, సరుకు చేరవలసిన తేది, సొమ్ము చెల్లింపవలసిన తేది అను ఏడు సంగతులను వ్రాసి పంపుడు. కొనువానికి తెలిసిన భాషలో, అనగా మరాఠీలో గాని హిందీలో గాని, వ్రాయుడు. ఊరి భాష నేర్చుట మాతృభాషను విడుచుట కాదు. వాట్సాపులో పంపినను వ్రాతయే. కాని ఫోను పోయినచో ఆ వ్రాతయు పోవును గనుక ఖాతా పుస్తకములో కూడ ఎక్కింపుడు. ఆలస్యము తప్పదని తెలిసిన దినముననే తెలుపుడు. చేదు వార్త ముందుగా విన్న వర్తకుడు వేరు దారి చూచుకొనును. వెనుక విన్నవాడు మనలను వదలుకొనును.

వ్రాతవలన మరియొక బలము గలదు. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల చట్టము ప్రకారము, సూక్ష్మ, చిన్న పరిశ్రమలవారి సరుకు కొన్నవాడు వ్రాతపూర్వకమైన గడువు లేనిచో 15 దినములలోను, ఉన్నచో ఆ గడువులోపలను సొమ్ము చెల్లింపవలెను. ఆ గడువు సరుకును అంగీకరించిన దినము నుండి 45 దినములకు మించరాదు. సరుకుపై ఆక్షేపణ యున్నచో అది ముట్టిన 15 దినములలో వ్రాసి తెలుపవలెను. తప్పినవాడు రిజర్వు బ్యాంకు ప్రకటించు బ్యాంకు రేటునకు మూడు రెట్ల వడ్డీని, నెలనెలకు చక్రవడ్డీ లెక్కన, ఇచ్చుకొనవలెను. ఉద్యమ్ నమోదు ముందుగనే చేయించుకొని, కాగితములు భద్రపరచినవారికి ఈ చట్టము ఆసరా యగును. నోటిమాట తప్ప వేరు సాక్ష్యము లేనివాడు సహాయ మండలి యెదుట ఏమి చూపగలడు?

రెండవ మాట పెద్దలతో. అడుగనిదే అమ్మయైనను పెట్టదని మన సామెత. అయితే ఎవరినడుగవలెను? అప్పిచ్చినవానిని అడిగిన తన అప్పును తలచి చెప్పును. పోటీదారుని అడిగిన తన బేరమును తలచి చెప్పును. దగ్గరి బంధువు మన మనసు నొచ్చునని నిజము దాచును. ఈ మువ్వురుగాక, అదే వృత్తిలో తల నెరసిన యొకరిని ఎన్నుకొనుడు. ఆయన తెలుగువాడే కానక్కరలేదు. లెక్క తెలిసిన మరాఠీ, గుజరాతీ వర్తకుడైనను మంచిదే. నెలకొకమారు ఖాతా పుస్తకముతో సహా ఆయన యెదుట కూర్చుండుడు. పుస్తకము లేక అడిగిన సలహా, నాడి చూపక అడిగిన మందు వంటిది.

పెద్దలకును ఒక విన్నపము. మీరు సభలలో గెలిచిన కథలనే చెప్పుచున్నారు. ఏ సంవత్సరమున ఎటుల నష్టపోతిరో, ఎటుల నిలద్రొక్కుకొంటిరో చెప్పినచో పిల్లలకు అంతకంటె మేలు కలుగును. అడిగినవానిని చులకన చేయు పెద్ద యొకడున్నచో, అడుగ భయపడు యువకులు పదిమంది తయారగుదురు.

మూడవ మాట ఇంట. మగ్గము ఇంటనో ఇంటి ప్రక్కనో యుండుటచే మనవారికి పనియు బ్రదుకును ఒకే చప్పుడులో కలిసిపోయినవి. కార్మికునకు వారమునకొక సెలవు చట్టమే ఇచ్చినది. చిన్న యజమానికి ఏ చట్టమును ఇయ్యలేదు, తానే ఇచ్చుకొనవలెను. వారమునకొక దినము మగ్గము ఆపుడు. రాత్రి ఒక వేళ నిర్ణయించి ఫోను ప్రక్కన పెట్టుడు. ఈ సంగతి కొనువారికి ముందే తెలిపినచో ఎవరును తప్పుపట్టరు. అప్పును భార్యకు తెలుపుడు. మన ఇండ్లలో బీడీలు చుట్టి సంసారము నిలిపిన తల్లులు ఎందరో గలరు. లెక్క తెలియనివారని వారిని తలచుట అన్యాయము.

ఇందు మన సంఘమునకు సంబంధించిన విషయము మరియొకటి గలదు. మన పిల్లలు బడిలో మరాఠీయో ఇంగ్లీషో చదువుచున్నారు. వారికి తెలుగు వినబడు చోటు ఇల్లే. బిడ్డ నిదురించిన పిదప ఇల్లు చేరి, మేల్కొనకమునుపే వెడలు తండ్రి నుండి ఆ బిడ్డకు ఏ తెలుగు అందును? భాష కొరకు సభలు జరుపు మనము, రాత్రి భోజనమువేళ ఒక గంట ఇంట కూర్చుండి మాటలాడుట కూడ భాషాసేవయని గుర్తింపవలెను.

ఆ యువకుడు మా సూచనపై వర్తకునకు లెక్కలతో ఉత్తరము వ్రాసెను. ఇంట అప్పు సంగతి చెప్పెను. రెండు మగ్గములు అమ్మక తప్పలేదు, రెండు నడుచుచున్నవి. ముందుగనే నోరు విప్పియున్నచో నాలుగును నిలిచియుండెడివేమో. నెలకొక ఆదివారము అనుభవజ్ఞులు ఇద్దరు ముగ్గురు సంఘ కార్యాలయమున కూర్చుండి, వచ్చిన యువకుల ఖాతాలు చూచి, విన్నది బయట పొక్కనీయక సలహా చెప్పు ఏర్పాటు చేయవలెనని కార్యవర్గమును మేము కోరుచున్నాము. దీనికి పెద్ద నిధి అక్కరలేదు. ఒక చాప, ఒక పూట తీరిక, దాపరికము లేని మాట చాలును.