టాపు సంగతి సరే... టైర్ల మాటేమిటి?

ఫిబ్రవరిలో షికాగో అంటే మాటలు కాదు. మిషిగన్ సరస్సు మీదుగా వచ్చే గాలికి చెవులు ఉన్నాయో ఊడాయో తడిమి చూసుకోవాల్సిందే. సరిగ్గా ఆ నెలలో, 1989లో, అక్కడి ఆటో షోలో జపాన్ కంపెనీ మాజ్డా ఓ బుల్లి కారును బయటపెట్టింది. రెండే సీట్లు. ఇంజిను ముందు, దాని బలం వెళ్లేది వెనక చక్రాలకు. కొక్కేలు ఊడదీసి టాపును చేత్తో వెనక్కి తోసేస్తే ఇక ఆకాశమే పైకప్పు. పేరు మియాటా. యూరప్‌లో ఎంఎక్స్-5 అంటారు. వీధుల్లో ఎముకలు కొరికే చలి, లోపల టాపులేని కారు ప్రదర్శన! ఎవరు కొంటారు అనుకోవచ్చు. కొన్నారు. 2016 నాటికి పదిలక్షల కార్లు తయారయ్యాయి. టాపు తీసే రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లలో ఇంతగా అమ్ముడైనది మరొకటి లేదు.

ఆశ్చర్యపోనక్కర్లేదు. ఇలాంటి కార్లు పుట్టి పెరిగిన ఇల్లు ఇంగ్లండ్. ఎంజీ, ట్రయంఫ్, లోటస్... అన్నీ ముసురు పట్టిన ఆ దేశానివే. ఎండ అరుదు కాబట్టే దాని విలువ వాళ్లకు తెలుసు. మనలా మే నెల ఎండను నెత్తిన పెట్టుకునేవాళ్లకు టాపు తీయాలన్న సరదా ఎందుకు పుడుతుంది చెప్పండి!

షికాగోలోనో టొరంటోలోనో ఉద్యోగం చేసుకుంటున్న మన పిల్లల్లో కొందరికీ ఈ కారు మీద మోజుంది. వేసవిలో ముచ్చటపడి కొంటారు. నవంబరు రాగానే ఇక్కడి నుంచి అమ్మ ఫోను. ‘ఆ గుడ్డ టాపుతో చలికెలా ఉంటావురా నాన్నా?’ అని. అమ్మ బెంగ అమ్మది. కానీ అడగాల్సింది టాపు గురించి కాదు. చిన్న కారు, చిన్న గది. హీటరు వేస్తే పెద్ద కార్లకంటే ఇదే తొందరగా వెచ్చబడుతుంది. అసలు ప్రశ్న ఇది: ‘టైర్లు మార్చావా?’

డిసెంబరులో కొబ్బరినూనె సీసా గడ్డకట్టడం ప్రతి ఇంట్లో చూసేదే. టైరు రబ్బరు అలా రాయిలా మారకపోయినా, దాదాపు అదే దారిలో నడుస్తుంది. స్పోర్ట్స్ కార్లకు ఎక్కువగా వేసేవి వేసవి టైర్లు. వేడి రోడ్డును జిగురులా పట్టుకోవడం వాటి గొప్ప. వాతావరణం సుమారు 7 డిగ్రీల కంటే చల్లబడితే ఆ రబ్బరు బిగుసుకోవడం మొదలవుతుంది. రోడ్డు మీద ఒక్క మంచు రేకు లేకపోయినా సరే, పట్టు తగ్గుతుంది. బాగా గడ్డకట్టే చలిలో కొన్ని రకాల టైర్ల రబ్బరు పగుళ్లిస్తుంది కూడా. చలికాలపు టైరు రబ్బరు వేరు. ఎంత చలిలోనూ మెత్తదనం పోదు. దాని మీద వందలకొద్దీ సన్నని కోతలుంటాయి. మంచు వాటిలో ఇరుక్కుంటుంది. రోడ్డు మీది మంచును గట్టిగా పట్టుకునేది ఆ ఇరుక్కున్న మంచే!

లెక్క చూద్దాం. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో బ్రేకు వేస్తే, పొడిరోడ్డు మీద కారు 12, 13 మీటర్లలో ఆగుతుంది. గట్టిపడిన మంచు మీద 50 మీటర్లు పట్టొచ్చు. అద్దంలాంటి ఐసు మీదైతే దాదాపు వంద. బ్రేకు మీదకి కాలు వెళ్లడానికి పట్టే సమయం దీనికి అదనం. ఏబీఎస్ ఉందిగా అంటారా? చక్రాలు బిగుసుకుపోకుండా, స్టీరింగ్ మాట వినేలా చూడటం దాని పని. లేని పట్టును అది మాత్రం ఎక్కడి నుంచి తెస్తుంది! ఫోర్ వీల్ డ్రైవ్ సంగతీ అంతే. బయల్దేరడానికి నాలుగు చక్రాల బలం పనికొస్తుంది, ఆగడానికి కాదు. వేసవి టైర్లతో తిరిగే పెద్ద ఎస్‌యూవీ కంటే చలికాలపు టైర్లు వేసుకున్న ఈ బుల్లి కారే మంచు మీద నాకు నమ్మకమైనది.

టైర్లు కొనేటప్పుడు పక్కన బొమ్మ చూడాలి. మూడు శిఖరాల కొండ, దాని నడుమ మంచు రేకు. జర్మనీలో మంచు పట్టిన రోడ్డెక్కాలంటే 2024 అక్టోబరు నుంచి ఆ గుర్తున్న టైర్లే ఉండాలి. కెనడాలోని క్యూబెక్‌లో ఏటా డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకూ చలికాలపు టైర్లు తప్పనిసరి. అమెరికాలో చాలా రాష్ట్రాలు మాత్రం ఆ తెలివిని కారు యజమానికే వదిలేశాయి. డబ్బు కలిసొస్తుందని వెనక రెండే మార్చేవాళ్లుంటారు. ఆ పని వద్దే వద్దు. కారు మలుపు తిరగాల్సింది, ఎక్కువగా ఆగాల్సింది ముందు చక్రాలతోనే.

ఇక నడపడం. మామూలు కార్లలో ఇంజిను బరువు, లాగే చక్రాలు రెండూ ముందే కాబట్టి మంచులో అవి కాస్త నయం. మియాటాలో బరువు ముందూ వెనకా దాదాపు సగం సగం. వేసవిలో మలుపుల్లో ఇచ్చే ఆనందమంతా ఆ సమతూకంలోనిదే. మంచులో యాక్సిలరేటర్ కాస్త గట్టిగా నొక్కితే ఆ తోకే పక్కకు ఊగుతుంది. దబాలున గేరు తగ్గించినా అదే గతి. రెండో గేరులో మెల్లగా కదలాలి. తోక కుడికి జారితే స్టీరింగూ కుడికే తిప్పాలి. యాక్సిలరేటర్ మీద కాలు నెమ్మదిగా తీయాలి. బ్రేకు జోలికి పోకూడదు. చదవడానికి రెండు ముక్కలే, చేతులకు అలవాటు కావాలంటే మంచు పడిన ఖాళీ పార్కింగ్ స్థలంలో ఓ పూట తిరగాలి. వంతెనల దగ్గర మరీ జాగ్రత్త. కిందనుంచీ గాలి తగలడంతో రోడ్డుకంటే ముందు అవే గడ్డకడతాయి. కారు పొట్టకూ రోడ్డుకూ మధ్య జానెడు కూడా ఉండదు కనుక అంతకు మించి మంచు పడినరోజు బస్సో రైలో చూసుకోవడం మేలు.

టైర్ల తర్వాత శత్రువు ఉప్పు. మంచు కరగడానికి రోడ్ల మీద చల్లుతారు. చలి మరీ ముదిరితే మామూలు ఉప్పు పారదు, కాల్షియం క్లోరైడ్ వాడతారు. ఏదైనా ఇనుముకు ఒకటే, తుప్పు! పాత మియాటాల్లో టాపు మీద పడిన నీళ్లు సీట్ల వెనకనుంచి చిన్న గొట్టాల్లో దిగి వెనక చక్రాల ముందు బయటికి పోతాయి. ఆ గొట్టాల్లో ఆకులు, మట్టి చేరితే నీళ్లు తలుపుల కింది పెట్టెభాగంలో నిలుస్తాయి. లోపల్లోపలే తింటూ వస్తుంది తుప్పు. పైన రంగు ఉబ్బేటప్పటికి లోపల రేకు మిగలదు. సెకండ్ హ్యాండులో కొనేవాళ్లు మొదట మోకాళ్ల మీద కూర్చుని చూడాల్సింది అక్కడే. శీతాకాలమంతా కారు పైన కడగడం కాదు, కింద కడిగించాలి.

మరి చలిలో టాపు తీయకూడదా? నిక్షేపంగా తీయొచ్చు. రోడ్డు పొడిగా ఉండి, ఎండ కాస్తే అంతకు మించిన సుఖం లేదంటారు ఆ రుచి మరిగినవాళ్లు. సున్నా డిగ్రీల్లో గంటకు 30 కిలోమీటర్ల గాలి తగిలితే ఒంటికి మైనస్ 6లా ఉంటుందని లెక్క. కానీ ఓపెన్ కారులో గాలి బైకు మీదలా ఎదురుగా కొట్టదు. ముందద్దం మీంచి దాటిపోయి, వెనక సుడి తిరిగి మెడకు తగులుతుంది. అందుకే పక్క అద్దాలు ఎత్తి ఉంచి, సీట్ల వెనక గాలి ఆపే తెర పెట్టి, హీటరును కాళ్లవైపు తిప్పుతారు. మెర్సిడెస్ వాళ్లు 2004లో ఎస్‌ఎల్‌కే కారు సీటులోనే చిన్న హీటరు పెట్టి మెడకు వెచ్చని గాలి తగిలే ఏర్పాటు చేశారు. అది లేకపోతే మఫ్లర్ ఉందిగా!

తీసేముందు రెండు పనులు మరవకూడదు. టాపు మీద మంచుంటే మెత్తని బ్రష్షుతో తుడవాలి, అద్దం గీకే చెక్కతో కాదు. తడి టాపును మడిస్తే బూజు పడుతుంది. తొలితరం మియాటాలకు వెనక అద్దం ప్లాస్టిక్‌ది. చలిలో వంచితే ఫట్‌మని చీలుతుంది. జిప్పు తీసి, అద్దాన్ని వంగకుండా పరచి, ఆ తర్వాతే టాపు మడవాలి. 1998లో వచ్చిన రెండో తరంతో గాజు అద్దం, దానికి వేడి తీగలూ వచ్చాయి. ఏ తరమైనా మళ్లీ టాపు వేసే పని మాత్రం ఎండ ఉండగానే. పొద్దు వాలితే ఆ గుడ్డ బిగుసుకుపోతుంది, కొక్కేలు అందుకోవడానికి పక్కసీటులో ఉన్నవాళ్లూ ఓ చెయ్యి వేయాల్సి వస్తుంది.